పన్నెండు గంటల రైలు

తెలుగువాళ్లు కౌబాయ్ సినిమాలని పిలిచే వెస్టర్న్‌ల కథలు ఎక్కువగా 19వ శతాబ్దం రెండో సగంలో, అమెరికా పడమటి ప్రాంతాల్లో నడుస్తాయి. ఊళ్లు అప్పుడే వెలుస్తుంటాయి. కోర్టు, పోలీసు ఇంకా కాలు నిలదొక్కుకోవు. ఊరికి దిక్కు ఒక షెరిఫో, మార్షలో. 1903లో దాదాపు పన్నెండు నిమిషాల నిడివితో వచ్చిన ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ ఈ తరహాకు దారి వేసింది. 1939లో జాన్ ఫోర్డ్ తీసిన ‘స్టేజ్‌కోచ్’ జాన్ వేన్‌ను తారను చేసింది, మాన్యుమెంట్ వ్యాలీ రాతిగుట్టలను లోకానికి పరిచయం చేసింది. అందులో బండి మీద దాడిచేసే అపాచీలుగా నటించినవాళ్లు ఆ ప్రాంతపు నవాహోలు. తెగ ఏదైతేనేం అనుకునే రోజులవి.

ఈ తరహాలో అన్నిటికన్నా బిగువైన సినిమా ‘హై నూన్’ (1952). దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమన్. మార్షల్ విల్ కేన్ (గేరీ కూపర్) పెళ్లి చేసుకుని, ఉద్యోగం వదిలి వెళ్లిపోయే రోజు అది. అతను జైలుకు పంపిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలై పన్నెండు గంటల రైలుకు వస్తున్నాడని కబురొస్తుంది. సినిమా నిడివి 85 నిమిషాలు. కథా దాదాపు అంతసేపే నడుస్తుంది. గోడ గడియారాలు పదేపదే కనిపిస్తుంటాయి.

కేన్ సాయం కోసం ఇంటింటికీ తిరుగుతాడు. మిల్లర్‌కు శిక్ష వేసిన జడ్జి గోడమీది జెండా, బల్లమీది న్యాయత్రాసు సంచిలో సర్దుకుని ఊరు దాటేస్తాడు. చర్చిలో పెద్దమనుషులు తర్జనభర్జన పడతారు. వీధిలో కాల్పులు జరిగితే ఊరికి పెట్టుబడులు రావని ఒకాయన బెంగ. చివరికి కెమెరా మెల్లగా పైకి లేస్తుంది. ఖాళీ వీధిలో గేరీ కూపర్ ఒక్కడే మిగులుతాడు. తుపాకీ మోతకన్నా ఆ షాటే ఎక్కువ భయపెడుతుంది.

రచయిత కార్ల్ ఫోర్మన్‌ను అప్పట్లోనే కమ్యూనిస్టుల వేటలో ఉన్న అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణకు పిలిచింది. హాలీవుడ్ తలుపులు మూసేయడంతో ఆయన ఇంగ్లండు చేరుకున్నాడు. ముఖం చాటేసే ఊరిజనం ఎక్కణ్నుంచి వచ్చారో చెప్పనక్కర్లేదు.

‘హై నూన్’ కథ జాన్ వేన్‌కు, దర్శకుడు హోవర్డ్ హాక్స్‌కు నచ్చలేదు. ఊరందరినీ బతిమాలే మార్షల్ ఏం మార్షలని వాళ్ల అభ్యంతరం. తమాషా ఏమిటంటే, కూపర్‌కు వచ్చిన ఆస్కార్‌ను ఆయన తరఫున వేదికెక్కి అందుకున్నది వేనే! వేన్, హాక్స్ ఇద్దరూ 1959లో ‘రియో బ్రావో’తో జవాబిచ్చారు. ఇందులో షెరిఫ్ చేతకానివాళ్ల సాయం వద్దంటాడు. అయినా తాగుబోతు డిప్యూటీ, కుంటి ముసలివాడు, మీసాలు రాని కుర్రాడు అతన్ని వదలరు. కబుర్లతో, పాటలతో తీరుబడిగా సాగుతుంది. బిగువు తక్కువే గానీ, ఈ మనుషుల మధ్య ఇంకాసేపు కూర్చోవాలనిపిస్తుంది.

ఇటలీవాడైన సెర్జియో లియోనె వచ్చేసరికి ఈ వాదమే అక్కర్లేకుండా పోయింది. స్పెయిన్‌లో తీసిన ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966)లో ముగ్గురూ బంగారం వెంట పడినవాళ్లే. ఊరిని కాపాడాలన్న ధ్యాస ఎవరికీ లేదు. తెలుగు తెరకు చేరింది ఈ దారే. ఆరుద్ర రచనతో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ హీరోగా 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ కూడా నిధి వేటే. అరిజోనాకు బదులు థార్ ఎడారిలో గుర్రాలు పరిగెత్తాయి.