లినక్సు కంప్యూటరునకు వైరసు సోకునా?

మైక్రోసాఫ్టు కంపెనీవారు 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు సాధారణ మద్దతును ముగించిరి. ఎనిమిదేండ్లు దాటిన కంప్యూటర్లలో పెక్కింటికి విండోస్ 11 అమరదు. యంత్రము ఇంకను చక్కగా పనిచేయుచుండగా దానిని పాతసామానులవానికి వేయుటకు మనసొప్పదు. శ్రీకాకుళములో ఒక ఉపాధ్యాయుని యింటనో, విజయనగరములో చదువుకొను విద్యార్థి గదిలోనో ఉన్న అట్టి కంప్యూటరునకు ఉబుంటు, లినక్సు మింట్ వంటి ఓపెన్ సోర్సు వ్యవస్థ ఒక మంచి దారి. ఓపెన్ సోర్సు అనగా, దానిని నడపు ప్రోగ్రాముల మూలపాఠము ఎవరైనను చదువుకొనునట్లు బాహాటముగా ఉంచబడినదని అర్థము. వెల లేదు. తెలుగులో పనిచేయునట్లు అమర్చినవియు కలవు. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థవారు ఈ విషయమున చేసిన కృషి తెలిసినదే.

వ్యవస్థను మార్చిన మరునాడే పుట్టు ప్రశ్న, "దీనికి యాంటీవైరసు వేయవలెనా, వద్దా?" అనునది. అంగడివాడు వేయవలెననును. అమ్మువాని మాటను అమ్మువాని మాటగానే తీసికొనవలెను. "లినక్సుకు వైరసే రాదు" అని కాలేజీ విద్యార్థి ధైర్యము చెప్పును. మొదటి మాట వలన డబ్బు మాత్రమే పోవును. రెండవ దాని వలన అంతకంటె విలువైనవి పోవచ్చును. కనుక రెండవదానినే ముందు పరీక్షింతము.

కంప్యూటరు వైరసనగా తన నకళ్లను ఇతర ప్రోగ్రాములలో చొప్పించుకొనుచు వ్యాపించు ప్రోగ్రాము. అమెరికాలో ఫ్రెడ్ కోహెన్ అను పరిశోధక విద్యార్థి 1983 నవంబరులో ఇట్టిదానిని వ్రాసి, అనుమతి తీసికొని ప్రయోగించి చూపెను. అయిదుసార్లు ప్రయోగింపగా అయిదుసార్లును ఒక గంట లోపుగనే యంత్రముపై సర్వాధికారములు వైరసు చేత చిక్కినవి. ఒకమారు అయిదు నిమిషములు కూడ పట్టలేదు. ఆ యంత్రమును నడపుచుండినది యునిక్సు వ్యవస్థ. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సు ఆ యునిక్సు పోలికలోనే నిర్మింపబడినది. అనగా తొలి వైరసు ప్రయోగములలో పేరుపొందిన ఇది జరిగినది లినక్సుకు పెదతండ్రి వరుస అయిన వ్యవస్థ మీదనే! లినక్సునకే ప్రత్యేకముగా వ్రాసిన వైరసులును 1996, 1997 నాటికే వెలువడినవి. స్టావోగ్, బ్లిస్ అనునవి వాని పేర్లు. కాబట్టి "రాదు" అనుట నిజము కాదు.

ఐనను ఇండ్లలోని లినక్సు కంప్యూటర్లలో అవి ప్రబలలేదు. ఇండ్లలో విండోస్ వాడువారు మిక్కిలి ఎక్కువ కనుక దొంగల దృష్టి అటువైపే ఉన్నదన్నది ఒక కారణము. ఇది చెప్పుకొనదగిన గొప్ప కాదు. వాడువారు పెరిగిన కొలది తరుగునట్టి రక్షణ. తక్కిన రెండు కారణములు వ్యవస్థ నిర్మాణమునకు చెందినవి.

మొదటిది, ప్రోగ్రాములు వచ్చు దారి. లినక్సులో కావలసిన ప్రోగ్రామును వెదకుచు ఊరంతయు తిరుగనక్కరలేదు. ఆ వ్యవస్థను కూర్చినవారే వేలకొలది ప్రోగ్రాములను ఒక భాండాగారమునందుంచి, తమ గూఢముద్ర వేసి పంపుదురు. ముద్ర సరిపోనిచో కంప్యూటరు దానిని స్వీకరింపదు. మరమ్మతులును ఆ దారినే వచ్చును. ఒక్క ఆదేశముతో వ్రాతపని ప్రోగ్రాము మొదలు బ్రౌజరు వరకు అన్నియు బాగుపడును.

రెండవది అధికారముల విభజన. ఉమ్మడి కుటుంబమునందు ఎవరి పెట్టె వారిది. ఇనప్పెట్టె తాళములు మాత్రము ఇంటి పెద్దవద్ద ఉండును. లినక్సులో సామాన్య వినియోగదారు తన పెట్టెలోని ఫైళ్లను మాత్రమే మార్చగలడు. వ్యవస్థ ఫైళ్లను ముట్టవలెనన్న 'రూట్' అను పెద్ద అధికారి అనుమతి కావలెను. అప్పుడు కంప్యూటరు పాస్‌వర్డు అడుగును. బయటినుండి దిగుమతియైన ఫైలు సాధారణముగా దానంతటది ప్రోగ్రామువలె నడవదు. నడచుటకు హక్కును మనమే ఇయ్యవలెను.

ఈ ఏర్పాటును పొగడువారు ఒక్క సంగతిని మరచుచుందురు. దొంగకు కావలసినది ఇనప్పెట్టెయే యని ఎవరు చెప్పిరి? పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్ల నకళ్లు, బ్రౌజరు దాచుకొన్న బ్యాంకు పాస్‌వర్డులు, వ్రాయుచున్న పరిశోధన వ్యాసము - ఇవన్నియు ఉన్నది వినియోగదారుని పెట్టెలోనే. మన పేరుతో నడచు ఏ ప్రోగ్రామైనను, రూట్ అనుమతి అడుగకయే, వానిని చదువగలదు, చెరుపగలదు, మరొకచోటికి పంపగలదు. వ్యవస్థ పాడైనచో ఒక గంటలో తిరిగి వేసికొనవచ్చును. ఆ ఫైళ్లు తిరిగి రావు. పలువురు వాడు పెద్ద యంత్రములలో ఒకరి పెట్టె మరొకరు తెరవకుండ కాపాడుటకై ఈ విభజన పుట్టినది. ఒక్కరే వాడు ఇంటి కంప్యూటరులో దాని ప్రయోజనము సగమే యని నా అభిప్రాయము.

ఇక మన ప్రాంతపు అనుభవమును చూతము. 2017 మే 12న వానాక్రై అను హానికర ప్రోగ్రాము లోకమంతటను వ్యాపించెను. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దానికి చిక్కినవి. ఫైళ్లను గూఢలిపిలోనికి మార్చి, విడిపించుటకు 300 డాలర్లు అడుగుట దాని పని. బ్రిటనులో ఆసుపత్రులు స్తంభించినవి. ఆంధ్రప్రదేశమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత పడినవి. అది ప్రవేశించిన రంధ్రము విండోస్‌లో ఫైళ్లను పంచుకొను భాగమునందున్నది. దానిని పూడ్చు మరమ్మతును మైక్రోసాఫ్టువారు 2017 మార్చి 14నే విడుదల చేసియుండిరి. నాటికి మద్దతులోనున్న యంత్రములలో ఆ మరమ్మతు వేసికొన్నవానిలోనికి అది ఆ రంధ్రమున దూరజాలదు, వేసికొననివి చిక్కినవి. నడుమ ఉన్న గడువు రెండు నెలలు.

లినక్సువారు సంతోషించుటకు పన్నెండు దినములే దొరకినవి. మే 24న, విండోస్ యంత్రములతో ఫైళ్లు పంచుకొనుటకు లినక్సులో వాడు సాంబా అను ప్రోగ్రామునందు అట్టిదే యొక రంధ్రము బయటపడెను. అది 2010 నుండియు అందులోనే ఉన్నది! మూలపాఠము ఎల్లరి కన్నులయెదుట నుండగా ఏడేండ్లు ఎవ్వరును చూడరైరి. మరమ్మతు ఆ దినముననే వచ్చినది. వేసికొననివారి యంత్రములలోనికి కొద్దివారములలోనే దొంగలు దూరి, వారి కరెంటుతో తమకు క్రిప్టో నాణెములు తయారు చేయించుకొనసాగిరి. రెండు వ్యవస్థల యందును రంధ్రము ఒక తీరుననే ఉన్నది. కాపాడిన వస్తువు ఒక్కటే. అది సకాలమున వేసికొన్న మరమ్మతు.

మరి భాండాగారమే కలుషితమైనచో? ఈ భయమును కొట్టివేయరాదు. 2016 ఫిబ్రవరి 20న దుండగులు లినక్సు మింట్ వారి వెబ్‌సైటులో చొరబడి, దిగుమతి లంకెను మార్చి, రహస్యద్వారము గల నకలును పంపిణీ చేసిరి.  2024 మార్చిలో బయటపడిన కుట్ర ఇంకను లోతైనది. ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రోగ్రాము పనిలోనికి జియా టాన్ అను పేరుతో ఒకరు చేరి, రెండేండ్లకు పైగా మంచిపని చేసి నమ్మకము సంపాదించి, చివరకు 5.6.0, 5.6.1 రూపములలో రహస్యద్వారము అమర్చిరి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన యంత్రములోనికి దూరమునుండి ప్రవేశించుటకు అరసెకను ఆలస్యమగుట గమనించి, కారణము వెదకి, మార్చి 29న లోకమునకు వెల్లడించెను. అరసెకను! అప్పటికది ప్రధాన లినక్సు వ్యవస్థల ప్రయోగరూపములలోనికి చేరినదే గాని, సామాన్యులు వాడు స్థిరరూపములకు చేరలేదు. దానిని పట్టినది యాంటీవైరసు కాదు.

ఎందుకు కాదో తెలియవలెనన్న యాంటీవైరసు పనిచేయు విధము తెలియవలెను. అది ముఖ్యముగా పోలీసువారి వ్రేలిముద్రల పుస్తకము వంటిది. ఇదివరకు దొరికిన హానికర ప్రోగ్రాముల గుర్తులు అందులో ఉండును; ఫైలును చదివి, గుర్తు కలిసిన కేకవేయును. కొన్ని నడవడినిబట్టియు ఊహింప యత్నించును గాని మూలాధారము గుర్తులే. కొత్త దొంగ ముద్ర ఆ పుస్తకములో ఉండదు. పైగా ప్రతి ఫైలును విప్పి చదువు ప్రోగ్రామునకు పెద్ద అధికారములు ఇయ్యవలసివచ్చును. దానిలోనే రంధ్రమున్నచో కాపలావాడే కన్నము వేసినట్లగును. ఓపెన్ సోర్సు యాంటీవైరసులలో ప్రసిద్ధమైన క్లామ్‌ఏవీలోనే 2023 ఫిబ్రవరిలో అట్టి తీవ్రమైన లోపమును సవరింపవలసివచ్చినది.

అయినచో క్లామ్‌ఏవీ నిరర్థకమా? కాదు. దానికి మన జిల్లాలలో ఒక మంచి ఉపయోగము కలదు. హాల్‌టికెట్టు అచ్చు వేయించుటకు పెన్‌డ్రైవు జెరాక్సు దుకాణమునకు పోవును; అచట పదిమంది పెన్‌డ్రైవులు తాకిన విండోస్ కంప్యూటరును తాకి, ఇంటికి వచ్చును; మరునాడు పాఠశాలకు పోవును. దానిలోనికెక్కిన విండోస్ వైరసు లినక్సు యంత్రమును సాధారణముగా ఏమియు చేయదు. కాని చెక్కుచెదరక నిలిచి, పాఠశాల కంప్యూటరును చేరును. మన పెరటి గుంటలో పెరిగిన దోమ పొరుగువానిని కుట్టదా? బోదకాలును ఎరిగిన శ్రీకాకుళము, విజయనగరము వారికి దీనిని విడమర్చి చెప్పనక్కరలేదు. పెన్‌డ్రైవులతో ప్రశ్నపత్రములు, మార్కుల పట్టీలు మోయు ఉపాధ్యాయుడు క్లామ్‌ఏవీని వేసికొని, ఇతరులకిచ్చు ముందు పెన్‌డ్రైవును పరీక్షించుట మంచిది. ఎల్లవేళల దానిని నడపుచు పాత యంత్రమునకు భారము పెంచనక్కరలేదు.

ఇంట మరొక లినక్సు కంప్యూటరు కలదు. దానిని కంప్యూటరుగా ఎవరును ఎంచరు. ఇంటర్నెట్టు తెచ్చు రౌటరు పెట్టెలలో అనేకము లినక్సుతోనే నడచును. 2016లో మిరాయ్ అను ప్రోగ్రాము, తయారీదారు పెట్టిన పాస్‌వర్డును మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో లోబరచుకొనెను. 2017 జులైలో మన దేశమున బీఎస్‌ఎన్‌ఎల్ చందాదారుల మోడెములు అనేకము ఇట్లే, పాస్‌వర్డు మార్చనందున, దాడికి గురియై మూలబడెను. ఈ పెట్టెలలో యాంటీవైరసు వేయుటకు వీలే ఉండదు. పాస్‌వర్డు మార్చుటకు అయిదు నిమిషములు చాలును.

కనుక ఇంట లినక్సు వాడువారు యాంటీవైరసు కొనుటకు తీయబోవు డబ్బుతో బయట తగిలించు హార్డ్‌డిస్కు ఒకటి కొని, ముఖ్యమైన ఫైళ్ల నకళ్లను దానిలో దాచి, విప్పి పెట్టెలో పెట్టుకొనవలెనని నా సలహా. మరమ్మతుల సూచన కనిపించినపుడు "తరువాత" అను బొత్తామును నొక్కకుండుట రెండవది. ప్రోగ్రాములను భాండాగారమునుండియే తెచ్చుకొనవలెను. ఎవడో వ్రాసిన ఆదేశమును అర్థము తెలియక టెర్మినల్‌లో అతికించి, పాస్‌వర్డు కొట్టుట అనగా ఇనప్పెట్టె తాళములను దారిన పోవువాని చేతికిచ్చుటయే. బ్యాంకు పేరుతో వచ్చు దొంగ పేజీ సంగతి వేరు. అది మోసగించునది మనిషిని గాని యంత్రమును కాదు. ఏ వ్యవస్థ వాడినను అచట మన కన్నులే కాపలా.

ఉపాధ్యాయులు తరగతిలో చేసి చూపదగిన ప్రయోగము ఒకటి కలదు. యాంటీవైరసులను పరీక్షించుటకై నిపుణులు ఐకార్ అను పరీక్షఫైలును ఏర్పరచిరి. అందులో 68 అక్షరములు మాత్రమే ఉండును. అది వైరసు కాదు, ఏ హానియు చేయదు. ఐనను యాంటీవైరసులన్నియు దానిని వైరసుగా గుర్తింపవలెనని ఒప్పందము. పాఠశాల కంప్యూటరు అధికారి అనుమతితో, క్లామ్‌ఏవీ ఉన్న లినక్సు యంత్రములో ఆ ఫైలును పరీక్షింపుడు. వెంటనే హెచ్చరిక వచ్చును. తరువాత విద్యార్థి యొకనిచే దాని నడుమ ఒక్క అక్షరమును మార్పించి, మరల పరీక్షింపుడు. ఈసారి క్లామ్‌ఏవీ మిన్నకుండును. ఎందుకు మిన్నకున్నదో విద్యార్థుల చేతనే చెప్పింపవచ్చును.