కుక్క పళ్లు తెల్లగా కనిపిస్తే చాలా? పెంపుడు జంతువుల దంత వైద్యంలో డాక్టర్లకు మళ్లీ శిక్షణ ఎందుకు

ఇంట్లో పెంచుకునే కుక్కకు కంటి కింద వాపు వస్తుంది. రెండు రోజుల్లో అది పగిలి చీము కారుతుంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఏదైనా పురుగు కుట్టిందనో, ఇంకో కుక్క కరిచిందనో అనుకుని యాంటీబయాటిక్ రాసిస్తారు. వారంలో పుండు మానిపోతుంది. ఇంట్లో వాళ్లు హమ్మయ్య అనుకుంటారు. నెలా రెండు నెలలు తిరగకముందే అదే చోట మళ్లీ వాపు. మళ్లీ మందులు, మళ్లీ తగ్గడం, మళ్లీ రావడం. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు జబ్బు కంట్లోనూ ఉండదు, చర్మంలోనూ ఉండదు. పై దవడలో ఉండే పెద్ద నమిలే పన్ను విరిగి, దాని వేరు చివర చీము పట్టి, ఆ చీము కంటి కింద నుంచి బయటికి దారి చేసుకుంటుంది. ఆ పన్ను తీసేసేదాకా, లేదంటే రూట్ కెనాల్ చేసేదాకా ఈ వాపు పూర్తిగా పోదు.

మరి డాక్టర్‌కు ఆ సంగతి మొదటిరోజే ఎందుకు తట్టలేదు? తట్టినా పన్ను దాకా ఎందుకు వెళ్లలేదు? పెంపుడు జంతువుల డాక్టర్లకు దంత వైద్యంలో ప్రత్యేక శిక్షణ అనే విషయం ఇక్కడే మొదలవుతుంది.

చదువులో దంతాల వాటా ఎంత

మన దేశంలో పశువైద్య డిగ్రీ అంటే బీవీఎస్సీ అండ్ ఏహెచ్. వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2016 నిబంధనల ప్రకారం అది ఐదున్నరేళ్ల చదువు. అందులో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ ఐదున్నరేళ్లలో ఆవు, గేదె, గొర్రె, మేక, కోడి, గుర్రం, కుక్క, పిల్లి అన్నీ నేర్చుకోవాలి. వాటి మేత, పెంపకం, పాలు, మాంసం పరిశుభ్రత కూడా అందులోనే. మనిషి పళ్లకు మాత్రం బీడీఎస్ అనే డిగ్రీ విడిగా ఉంది. పశువైద్యంలో అలా కాదు. దంతాల సంగతి శస్త్రచికిత్స సబ్జెక్టులో ఒక భాగంగా వచ్చి వెళ్లిపోతుంది. రైతు పశువుల మీద ఆధారపడిన దేశంలో కుక్క పళ్లకు తరగతి గదిలో పెద్ద చోటు దొరకకపోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. రాజేంద్రనగర్‌లో చదివినా, తిరుపతిలో చదివినా పరిస్థితి దాదాపు ఇంతే.

ఇది మన దగ్గరి లోటు మాత్రమే అనుకోనక్కర్లేదు. పెంపుడు జంతువుల డాక్టర్ల ప్రపంచ సంఘం డబ్ల్యూఎస్ఏవీఏ తన దంత వైద్య మార్గదర్శకాల్లో ఇదే మాట చెప్పింది. కుక్కలు, పిల్లుల్లో డాక్టర్లు ఎక్కువగా చూసే జబ్బుల్లో నోటి జబ్బులు ఉన్నాయి, వెటర్నరీ కాలేజీల్లో చాలా తక్కువగా చెప్పేది కూడా వాటి గురించే అని. అమెరికాలో వెటర్నరీ దంత నిపుణుల కాలేజీ ఏర్పడింది 1988లో. అంటే అక్కడ కూడా ఇది పాత స్పెషాలిటీ ఏం కాదు.

కంటికి కనిపించేది సగమే

మనిషికి 32 పళ్లు. కుక్కకు 42, పిల్లికి 30. చిన్న కుక్కల్లో అన్ని పళ్లు ఇరుకు దవడలో సర్దుకోవాలి. అందుకే పొమేరియన్, షిట్‌జూ లాంటి జాతుల్లో పళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి, మధ్యలో తిండి ఇరుక్కుని, చిగుళ్ల జబ్బు త్వరగా వస్తుంది. మూడేళ్లు దాటేసరికి చాలా కుక్కల్లో, పిల్లుల్లో చిగుళ్ల జబ్బు ఏదో ఒక స్థాయిలో మొదలై ఉంటుంది.

పంటి మీద కనిపించే గోధుమరంగు గార అసలు శత్రువు కాదు. శత్రువు చిగురు కింద ఉండే పాచి. అందులోని బ్యాక్టీరియా వల్ల చిగురు వాస్తుంది, తర్వాత పంటిని పట్టి ఉంచే ఎముక కరగడం మొదలవుతుంది. డాక్టర్లు దీన్ని నాలుగు దశలుగా చూస్తారు. మొదటి దశలో చిగురు మాత్రమే ఎర్రబడుతుంది, శుభ్రం చేస్తే మామూలైపోతుంది. రెండో దశలో పంటి ఆధారం పావు వంతు దాకా పోతుంది. మూడో దశలో పావు నుంచి సగం. సగానికి మించి పోతే నాలుగో దశ. పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు.

ఇంత జరుగుతున్నా కుక్క తింటూనే ఉంటుంది. అదే చిక్కు. ‘తిండి బాగానే తింటోంది, నొప్పి ఉంటే తినదు కదా’ అని ఇంట్లో వాళ్లు అనుకుంటారు. జంతువు నొప్పితో కూడా తింటుంది. ఒకవైపే నములుతుంది, బొమ్మలు కొరకడం మానేస్తుంది, మెతక తిండి ఏరుకుంటుంది. ఇవన్నీ ‘వయసైపోయింది’ ఖాతాలోకి వెళ్లిపోతాయి.

1998లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో వచ్చిన పరిశోధన ఈ రంగంలో ఇప్పటికీ చెప్పుకునేది. అక్కడ 226 కుక్కలకు, 115 పిల్లులకు నోరంతా ఎక్స్‌రే తీశారు. బయటినుంచి చూస్తే ఏ లోపమూ లేని వాటిలోనే, కుక్కల్లో దాదాపు 28 శాతం, పిల్లుల్లో దాదాపు 42 శాతం ఎక్స్‌రేల్లో పట్టించుకోవాల్సిన జబ్బు బయటపడింది. అంటే టార్చ్ వేసి నోరు తెరిచి చూసి ‘పళ్లు బాగున్నాయి’ అని చెప్పడంలో ఎంత ఊహ ఉందో లెక్క వేసుకోవచ్చు.

శిక్షణలో ఏం నేర్పుతారు

డిగ్రీ అయిపోయి క్లినిక్ నడుపుతున్న డాక్టర్లకు ఇచ్చే అడ్వాన్స్‌డ్ కోర్సుల్లో ఉపన్యాసం కొంతే. ఎక్కువ భాగం చేత్తో చేసే పని. చనిపోయిన జంతువుల తలలమీద, ప్లాస్టిక్ దవడల మీద సాధన చేయిస్తారు.

మొదట ప్రోబ్. గీతలు ఉన్న సన్నటి కడ్డీ అది. ప్రతి పంటి చుట్టూ చిగురు కింద ఎంత లోతు పోతుందో కొలవాలి. కుక్కలో మూడు మిల్లీమీటర్ల దాకా మామూలే. పిల్లిలో ఒక మిల్లీమీటర్ దాటితేనే అనుమానించాలి. ప్రతి కొలతా చార్టులో రాయాలి. పళ్లకు మూడంకెల నంబర్లు ఉంటాయి. కథ మొదట్లో చెప్పుకున్న ఆ పెద్ద పన్ను కుడివైపుదైతే 108, ఎడమవైపుదైతే 208. ఇది క్లర్కు పనిలా కనిపిస్తుంది కానీ, ఆరు నెలల తర్వాత జబ్బు పెరిగిందా తగ్గిందా చెప్పేది ఈ కాగితమే.

తర్వాత ఎక్స్‌రే. కింది దవడ వెనక పళ్లకు ఫిల్మ్‌ను పంటి పక్కనే నిలబెట్టి నేరుగా తీయొచ్చు. పై దవడలో అంగిలి చదునుగా ఉంటుంది కాబట్టి అలా కుదరదు. పంటికీ ఫిల్ముకీ మధ్య కోణాన్ని సగం చేసే ఊహా గీతకు లంబంగా కిరణం పంపాలి. కోణం తప్పితే వేరు పొడుగ్గానో పొట్టిగానో వస్తుంది, ఒక వేరు వెనక ఇంకో వేరు దాక్కుంటుంది. పుస్తకంలో చదివితే రాదు ఇది, ఇరవై ముప్పైసార్లు తప్పుగా తీశాకే చేతికి వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకునేది పన్ను తీయడం. కుక్క పన్ను తీయడమంటే పట్టుకారుతో లాగడం అనుకుంటే పొరపాటే. 108వ పంటికి మూడు వేళ్లు, మూడూ మూడు దిక్కులు. ముందు చిగురును కోసి పైకి లేపాలి, వేరు మీది ఎముకను కొంచెం తొలగించాలి, పంటిని డ్రిల్‌తో ముక్కలు చేసి ఒక్కో వేరును విడిగా వదులు చేయాలి. తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీసి వేరు ముక్క ఏదీ మిగల్లేదని చూసుకోవాలి, అప్పుడు కుట్లు వేయాలి. బలం పెట్టి లాగితే వేరు విరిగి లోపలే ఉండిపోతుంది, చీము కథ మళ్లీ మొదలవుతుంది. కోరపన్ను దగ్గర నిర్లక్ష్యం చేస్తే నోటికీ ముక్కుకీ మధ్య రంధ్రం పడుతుంది, నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తాయి. పై వెనక పళ్ల వేళ్లు కంటి గుంతకు ఆనుకుని ఉంటాయి కాబట్టి పరికరం జారితే కన్నే పోవచ్చు. చిన్న కుక్కల్లో కింది మొదటి దవడ పన్ను వేళ్లు దవడ ఎత్తులో చాలా భాగం ఆక్రమిస్తాయి. చిగుళ్ల జబ్బుతో అక్కడి ఎముక కరిగి ఉంటే, పన్ను తీస్తుంటే దవడే విరుగుతుంది. ఈ ప్రమాదాలు తెలిసిన డాక్టర్ చేయి నెమ్మదిగా కదులుతుంది.

మత్తు లేకుండా క్లీనింగ్ అంటే

ఇప్పుడు నగరాల్లో గ్రూమింగ్ సెంటర్లు కూడా ‘మత్తు లేకుండా పళ్ల క్లీనింగ్’ అని చెబుతున్నాయి. వినడానికి బాగుంటుంది, మత్తంటే అందరికీ భయమే కాబట్టి. కానీ మెలకువగా ఉన్న కుక్క చిగురు కిందికి పరికరం పోనివ్వదు. గీకేది పైన కనిపించే గార మాత్రమే. పళ్లు తెల్లబడతాయి, ఫోటో బాగుంటుంది, కింద జబ్బు అలాగే ఉంటుంది. పైగా ఇంట్లో వాళ్లకు ఇక అంతా బాగుందన్న నమ్మకం వచ్చేస్తుంది, అది ఇంకా నష్టం. డబ్ల్యూఎస్ఏవీఏ, అమెరికా దంత నిపుణుల కాలేజీ రెండూ ఈ పద్ధతి వద్దనే చెప్పాయి.

మత్తు ఇచ్చినా దానికో పద్ధతి ఉంది. ముందు రక్త పరీక్ష చేయాలి. శ్వాసనాళంలో గొట్టం పెట్టి దాని చుట్టూ గాలి బుడగ నింపాలి, లేకపోతే స్కేలర్ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లు చల్లబడకుండా చూడాలి. పన్ను తీసే చోట నరానికి మొద్దుబారే సూది ఇస్తే మొత్తం మత్తు తక్కువ సరిపోతుంది, లేచాక నొప్పి కూడా తక్కువ. పిల్లుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. నోటిని బాగా తెరిచి ఉంచే స్ప్రింగ్ పరికరం వాడితే మెదడుకు, కంటికి రక్తం తీసుకెళ్లే ధమని నొక్కుకుపోయి చూపు పోయిన సందర్భాలు ఉన్నాయి. చాలామంది మంచి డాక్టర్లు కూడా కోర్సులోనే మొదటిసారి వినే మాట ఇది.

పిల్లుల లెక్క వేరు

హైదరాబాద్ పాతబస్తీలో, మెహిదీపట్నం వైపు పర్షియన్ పిల్లులు లేని గల్లీ దొరకడం కష్టం. ఆ చదును ముఖం ముద్దుగానే ఉంటుంది, కానీ దవడ పొట్టి, పళ్లకు చోటు లేదు. పిల్లులకు వచ్చే రెండు జబ్బులు కుక్కల్లో అంతగా కనిపించవు. ఒకటి, పన్ను తనంతట తనే కరిగిపోవడం. బయటికి చిగురు దగ్గర చిన్న ఎర్ర చుక్కలా ఉంటుంది, లోపల విపరీతమైన నొప్పి. ఎక్స్‌రే లేకుండా దీనికి చికిత్స నిర్ణయించలేరు. ఎందుకంటే వేరు ఉందా, ఎముకలో కలిసిపోయిందా అన్నదాన్ని బట్టి పన్ను తీసే పద్ధతే మారిపోతుంది.

రెండోది నోరంతా పుండులా మారే చిగుళ్ల వాపు. పిల్లి గిన్నె దగ్గరికి వెళ్తుంది, ఒక ముద్ద పెట్టుకుని అరిచి పారిపోతుంది. స్టెరాయిడ్ ఇస్తే కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది. దీనికి ముందు చేయాల్సింది వెనక పళ్లన్నీ, అవసరమైతే నోట్లో ఉన్న పళ్లన్నీ తీసేయడం. వినడానికి దారుణంగానే ఉంది. కానీ 2015లో 95 పిల్లుల మీద అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, పళ్లు తీశాక దాదాపు మూడింట రెండొంతుల పిల్లులకు జబ్బు పూర్తిగానో, చాలావరకో తగ్గింది. పళ్లు లేని పిల్లి హాయిగా తింటుంది, నొప్పితో ఉన్న పిల్లి తినదు. ఒక్క వేరు ముక్క కూడా మిగలకుండా ఇన్ని పళ్లు తీయడమంటే మాత్రం శిక్షణ లేని చేతికి సాధ్యం కాదు.

క్లినిక్ లెక్కలు

ఇక డబ్బు సంగతి. డెంటల్ ఎక్స్‌రే, సెన్సార్, హై స్పీడ్ డ్రిల్, స్కేలర్ అన్నీ కలిపితే ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. టీకా వేయడానికి పది నిమిషాలు చాలు. ఎక్స్‌రేతో కలిపి పూర్తి దంత చికిత్సకు గంట, పళ్లు తీయాల్సి వస్తే రెండు మూడు గంటలు టేబుల్ ఆగిపోతుంది. ‘పళ్లకు అన్ని వేలా’ అని బేరమాడే కస్టమర్‌ను చూసి చిన్న క్లినిక్ యజమాని వెనక్కి తగ్గుతాడు. కానీ మిషన్ లేకుండానే మొదలుపెట్టే పని ఒకటుంది: ప్రోబ్‌తో కొలవడం, చార్టు రాయడం. వాటి ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఎక్స్‌రే కావాల్సిన కేసులు ఎన్ని ఉన్నాయో ఆ చార్టులే చెబుతాయి, అప్పుడు పెట్టుబడి మీద నిర్ణయం తీసుకోవచ్చు. ముందు మిషన్ కొని తర్వాత నేర్చుకుందాం అనుకుంటే ఆ మిషన్ మూల పడి ఉంటుంది.

కోర్సుల్లో కూడా తేడాలు గమనించాలి. రెండు రోజుల వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చిన డాక్టర్ స్పెషలిస్టు కాదు. అమెరికాలో డిప్లొమేట్ అనిపించుకోవాలంటే డిగ్రీ తర్వాత కొన్నేళ్ల రెసిడెన్సీ, కేసుల లాగ్, పరీక్ష ఉంటాయి. చిన్న కోర్సు లక్ష్యం వేరు: రోజూ వచ్చే కేసులు సరిగ్గా చేయడం, చేయలేనివి గుర్తుపట్టి పైకి పంపడం.

మన దేశంలో ఈ శిక్షణకు ఒక పాఠం తప్పకుండా కలపాలి. చొంగ కారుస్తూ, నోరు మూయలేక, మింగలేక ఉన్న కుక్క వస్తే ‘పంటిలో ఏదో ఇరుక్కుంది’ అని చేయి పెట్టకూడదు. ముందు రేబిస్ అనుమానం తీర్చుకోవాలి. టీకా వివరాలు, కరిచిన చరిత్ర అడగాలి. నోట్లో పనిచేసే డాక్టర్, సహాయకుడు ఇద్దరూ ముందుజాగ్రత్త రేబిస్ టీకా వేయించుకుని ఉండాలి.

పెంచుకునే వాళ్లు అడగాల్సినవి

క్లీనింగ్‌కు ఒప్పుకునే ముందు కొన్ని ప్రశ్నలు అడగడంలో తప్పు లేదు. శ్వాసగొట్టం పెడతారా? చిగురు కింద కొలుస్తారా, ఆ చార్టు కాపీ ఇస్తారా? పన్ను తీస్తే తర్వాత ఎక్స్‌రే తీస్తారా? మత్తును గమనించడానికి విడిగా ఒక మనిషి ఉంటారా? డాక్టర్ ‘ఎక్స్‌రే మా దగ్గర లేదు, ఫలానా చోటికి వెళ్లండి’ అని చెబితే అది చేతకానితనం కాదు, నిజాయితీ.

ఇంట్లో రోజూ బ్రష్ చేయడం అన్నిటికంటే మేలు. అయితే మనుషుల టూత్‌పేస్ట్ వాడొద్దు. కొన్నిటిలో ఉండే జైలిటాల్ కుక్కలకు విషం. జంతువుల కోసం తయారైన పేస్ట్, మెత్తటి బ్రష్, అదీ చిన్నప్పటి నుంచే అలవాటు చేయాలి. కుక్కపిల్లకు ఏడు నెలలు వచ్చాక కూడా పాల కోరపన్ను పక్కనే కొత్త కోరపన్ను నిలబడి ఉంటే ఆగకుండా చూపించాలి. గట్టి ఎముకలు, జింక కొమ్ములు కొరకనిస్తే 108, 208 నంబర్ల పళ్లు విరుగుతాయి. బొటనవేలి గోరుతో నొక్కితే కొంచెం కూడా లొంగని వస్తువు ఏదైనా కుక్క పంటికి గట్టిదే.