ఎర్ర గుంపు మీద గాలం వద్దు!

తొలకరి పడి చెరువుల్లోకి కొత్తనీరు చేరగానే ఊళ్లలో వెదురు గడలకు గిరాకీ వస్తుంది. బడిలేని రోజున పిల్లలు, పొలం పని తీరిన సాయంత్రాన పెద్దలు గాలం పట్టుకుని కట్ట ఎక్కుతారు. అందరి చూపూ కొరమీను మీదే. తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన ఈ చేపకు ముళ్లు తక్కువ, ధర ఎక్కువ.

కొత్తవారు మాత్రం కొరమీనుతో మొదలుపెట్టకపోవడమే మేలు. ముందు పరిగెల మీద చెయ్యి తిరగాలి. చిన్న కొక్కెం, దానికి వానపాము ముక్క, మూరెడు పైన జీలుగు బెండు ఉంటే చాలు. బెండు వణికితే ఊరుకోవాలి, మునిగితే లాగాలి. ఈ తేడా పట్టుబడటానికే నాలుగు రోజులు పడుతుంది. జెల్ల పడితే తొందరపడి చేత్తో పట్టరాదు. దాని రెక్క ముల్లు గుచ్చుకుంటే సలుపు అంత తేలిగ్గా తగ్గదు.

కొరమీను తీరు వేరు. ఇది పైగాలి కూడా పీల్చి బతికే చేప. కొంతసేపటికోసారి పైకివచ్చి గుటక వేసి మునుగుతుంది. అలవాటైనవారు ముందు ఆ గుటక కోసమే చూస్తారు. తెల్లవారుజామున, పొద్దువాలే వేళ తుంగ, తామరాకుల అంచున కనిపెట్టుకుని ఉండాలి. మనిషి నీడ నీటిమీద పడకూడదు. గుటక వేసిన చోటికి కాస్త ఆవల ఎర వేసి మెల్లగా లాక్కురావాలి. ఎరకు చిన్నచేపనో, కప్పనో గుచ్చుతారు. చేప అందుకోగానే గుంజితే వట్టి కొక్కెమే వస్తుంది. మింగేదాకా దారం వదలాలి. కొత్తవారి ఓపిక ఎంతో ఇక్కడే తేలిపోతుంది.

అయితే వానాకాలమే ఇవి గుడ్లు పెట్టే కాలం. గడ్డి మధ్య కాస్త జాగా చేసుకుని పెట్టిన గుడ్లు నీటిపై తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. ఆ పిల్లలు ఎర్రగా, బంతిలా గుంపుకట్టి తిరుగుతుంటే నీళ్లలో ఎర్రమన్ను కలిపినట్టుంటుంది. కింద పెద్దచేపలు కాపలా కాస్తుంటాయి. గుంపులో ఏది పడినా, ఆకలి లేకపోయినా, మీదపడి కరుస్తాయి. అందుకే ‘ఎర్ర గుంపు మీద వెయ్యరా, తప్పదు’ అని కుర్రాళ్లకు నేర్పేవారూ ఉన్నారు. ఇందులో నేర్పు ఏమీ లేదు. కాపలా చేప పోతే గుంపు చెదురుతుంది, కొంగలు, ఇతర చేపలు పిల్లలను మిగల్చవు. ఒకపూట కూరకు వందల పిల్లలు బలి. గుంపు కనబడితే గాలం చుట్టుకుని మరో రేవుకు పోవాలి. తెలియక తగిలినా తడిచేత్తో పట్టి, కొక్కెం తీసి అక్కడే వదిలేయాలి.

చెరువు మత్స్యకారుల సంఘం చేతిలో ఉంటే వారిని అడగనిదే గడ వేయకూడదు. డబ్బు పెట్టి పిల్లను వదిలింది వారు.

దొరికిన కొరమీనును ఇంటికి తెచ్చేవారు బిందెలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టాలి. గుడ్డ లేకపోతే ఎగిరి దారిలో పడుతుంది. అలాగని అంచుదాకా నీళ్లు నింపి మూత బిగిస్తే, పైగాలి అందక నీళ్లలోనే చస్తుంది.