మంచిగాలుల రేవు - బ్యూనస్ ఎయిర్స్



ఈ పూట మనం చాలా దూరం వెళుతున్నాం. దక్షిణ అమెరికా ఖండంలో దక్షిణపు కొసన అర్జెంటీనా దేశం ఉంది. దాని రాజధాని బ్యూనస్ ఎయిర్స్. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ మధ్యాహ్నం పన్నెండు. మనకు సంక్రాంతి చలి రోజులైతే వాళ్ళకు నడివేసవి. ఊరి పేరుకు స్పానిష్ భాషలో 'మంచి గాలులు' అని అర్థం. నగరం హద్దుల్లో 30 లక్షలమంది ఉంటారు. శివార్లన్నీ కలుపుకుంటే కోటీ 30 లక్షలు దాటుతుంది.

అంత దూరపు ఊరి సంగతి మనకెందుకని మీలో ఎవరైనా అడగవచ్చు. చూడదగ్గ చోట్లు ఏ పెద్ద నగరంలోనైనా ఉంటాయి. అయితే 1914లో జనాభా లెక్కలు తీసినప్పుడు ఈ నగరంలో ఇంచుమించు సగంమంది వేరే దేశాల్లో పుట్టినవారని తేలింది. ఇటలీవాళ్ళు, స్పెయిన్‌వాళ్ళు, తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదులు, సిరియా, లెబనాన్‌లవాళ్ళు, ఇలా ఎందరో ఓడలెక్కి వచ్చి దిగారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష ఉన్నప్పుడు మనిషి ఏది దాచుకుంటాడు, ఏది వదులుకుంటాడు అన్నది హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూరులో తెలుగు మాట్లాడే ఇళ్ళకు కొత్త ప్రశ్న కాదు. మనలో కొందరు వలస వచ్చినవారి సంతతి. కొందరు మాత్రం ఎక్కడికీ కదలలేదు, రాష్ట్రాల గీతే పక్కకు జరిగింది. అది వేరే కథ. ఈ పూటకు మాత్రం ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని ఈ ఊరు చూద్దాం రండి.

ముందు రేవు. ఊరు ఆనుకుని ఉన్న నది పేరు రియో ద లా ప్లాతా, అంటే వెండి నది. పేరుకే వెండి. నీళ్ళు మాత్రం వరద గోదావరి రంగులో ఉంటాయి. యానాం శ్రోతలకు ఆ రంగు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదు. అవతల ఉరుగ్వే దేశం. స్పెయిన్‌వాళ్ళు 1536లో మొదటిసారి ఇక్కడ ఊరు కట్టి, నిలవలేక వదిలేసి వెళ్ళారు. 1580లో మళ్ళీ వచ్చి కట్టారు. ఈ ఊరివాళ్ళు తమను తాము 'పోర్తేన్యో' అని చెప్పుకుంటారు. రేవువాడు అని దాని అర్థం.

ఆ రేవు దగ్గరే 'వలస వచ్చినవారి హోటల్' అనే పెద్ద కట్టడం ఉంది. హోటల్ అంటే మనం అనుకునే హోటల్ కాదు, సత్రం అనుకోండి. 1911లో తెరిచారు. ఓడ దిగినవారికి ఐదు రోజులు తిండీ పడకా ఉచితం. ఆ ఐదు రోజుల్లో పని వెతుక్కోవాలి. పని చూపించే కచేరీ, వైద్యం చేసే ఆసుపత్రి అన్నీ ఆ ఆవరణలోనే ఉండేవి. 1953 దాకా ఈ సత్రం నడిచింది. ఇప్పుడది మ్యూజియం. నన్నడిగితే, యాత్రికుడు మొదట చూడవలసింది ఇదే. దీన్ని చూశాక తక్కిన ఊరు తేలికగా అర్థమవుతుంది.

అక్కడి నుంచి దక్షిణంగా పోతే లా బోకా అనే పేట వస్తుంది. ఇటలీలోని జెనోవా నుంచి వచ్చిన నావికులు, కూలీలు ఇక్కడ స్థిరపడ్డారు. చెక్కతో, జింకు రేకులతో ఇళ్ళు కట్టుకుని, ఓడలకు వేయగా మిగిలిన రంగులు తెచ్చి పూసుకునేవారట. ఒక డబ్బా గోడంతటికీ సరిపోదు కదా, అందుకే ఒక గోడ పసుపు, ఒక గోడ నీలం, తలుపు ఎరుపు. ఆ పేటలోనే పెరిగిన చిత్రకారుడు బెనీతో కింకేలా మార్తీన్ రైలు బండ్లు మానేసిన ఒక సందును బాగుచేయించి, ఇళ్ళకు రంగులు వేయించాడు. 1959లో అది వీధి మ్యూజియం అయింది. దాని పేరు కామినీతో. పోస్టుకార్డుల మీద కనిపించే బ్యూనస్ ఎయిర్స్ ఇదే. పక్కనే బోకా జూనియర్స్ ఫుట్‌బాల్ మైదానం ఉంది. మారడోనా ఆడిన జట్టు అది. పగలు చూసి వచ్చేయండి. చీకటి పడ్డాక ఆ పేటలోని పక్క సందుల్లో తిరగవద్దని ఊరివాళ్ళే చెబుతారు.

కాస్త ఇవతలికి వస్తే సాన్ తెల్మో. ఒకప్పుడు ధనవంతుల లోగిళ్ళున్న పేట. 1871లో పచ్చజ్వరం వచ్చి నగరంలో 13 వేలమందికి పైగా చనిపోయారు. డబ్బున్నవాళ్ళు ఆ ఇళ్ళు విడిచి ఉత్తరపు వైపు వెళ్ళిపోయారు. ఖాళీ అయిన లోగిళ్ళను గదులు గదులుగా వలసవాళ్ళకు అద్దెకిచ్చారు. గదికొక కుటుంబం, అందరికీ కలిపి ఒక వాకిలి, ఒక కొళాయి. వీటిని 'కొన్వెంతీషో' అనేవారు. నాపోలీ ఆవిడ, గలీసియా ఆవిడ, పోలండ్ ఆవిడ ఒకే కొళాయి దగ్గర వంతుకు నిలబడితే ఏ భాషలో పోట్లాడుకోవాలి? అక్కడే కొత్త మాట పుట్టింది.

ఇటలీ మాటా స్పానిష్ మాటా కలిసిపోయిన ఆ మాట్లాడే తీరును 'కొకొలీచె' అన్నారు. నాటకాల్లో దాన్ని ఎగతాళి చేసి జనాన్ని నవ్వించేవారు. పిల్లలు బడిలో స్పానిష్ నేర్చుకున్నారు, మనవల నాటికి ఇటలీ భాష ఇళ్ళలోంచి తప్పుకుంది. కానీ పూర్తిగా పోలేదు. పనిని ఈ ఊళ్ళో 'లబూరో' అంటారు. అది ఇటలీ మాట 'లవోరో'. సెలవు తీసుకునేటప్పుడు 'చావ్' అంటారు. అదీ ఇటలీదే. (మన చెవికి ఆ మాట ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. నవ్వుకోండి, పరవాలేదు.) ఇలాంటి మాటల కుప్పకు 'లున్‌ఫార్దో' అని పేరు. మాటను తిరగేసి పలకడం కూడా ఇందులో ఒక సరదా. టాంగోను 'గోతాన్' అంటారు, కఫేను 'ఫెకా' అంటారు. రౌడీల భాష అని ఒకప్పుడు పెద్దలు చీదరించుకున్న ఈ మాటల కోసం 1962లో ఒక అకాడమీయే పెట్టారు. కన్నడం మాటకో, తమిళం మాటకో, ఒడియా మాటకో తెలుగు విభక్తి తగిలించి మాట్లాడుతున్నామని బంధువులు వెక్కిరించినప్పుడు మీరీ అకాడమీ సంగతి చెప్పవచ్చు.

సాన్ తెల్మోలో ఆదివారం పెద్ద సంత జరుగుతుంది. పాత గ్రామఫోన్లు, వెండి చెంచాలు, సోడా సీసాలు, అన్నీ రోడ్డు మీదే. 1970లో మొదలైన సంత అది. మధ్యలో ఏ మూలో ఇద్దరు టాంగో ఆడుతుంటారు.

టాంగో ఆ వాకిళ్ళదే. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి దగ్గరి తాళం, స్థానికుల పాట, యూరప్ వలసవాళ్ళ వాద్యాలు కలిసి 19వ శతాబ్దం చివర ఈ నాట్యం రూపు కట్టింది. దాని గొంతు అనదగ్గ బందోనియన్ వాద్యం జర్మనీ నుంచి వచ్చింది. మన హార్మోనియంలాగే తిత్తి గాలితో పలుకుతుంది కానీ రెండు చేతులతో ఒళ్ళో పెట్టుకుని సాగదీస్తారు. 2009లో యునెస్కో టాంగోను మానవాళి వారసత్వంగా గుర్తించింది. యాత్రికుల కోసం భోజనంతో కలిపి పెద్ద వేదికల మీద ప్రదర్శనలు ఉంటాయి. ఖరీదెక్కువ. వాటికన్నా 'మిలోంగా' అనే నాట్యశాలకు వెళ్ళడం మేలు. అక్కడ ఊరివాళ్ళే వచ్చి ఆడతారు. మగవాడు దూరం నుంచే చూపు కలిపి తల ఊపుతాడు. ఇష్టమైతే ఆవిడ తల ఊపుతుంది, లేకపోతే చూపు తిప్పుకుంటుంది. నలుగురిలో ఎవరి పరువూ పోదు. మీరు ఆడకపోయినా ఒక కాఫీ పెట్టుకుని కూర్చుని చూడవచ్చు.

టాంగో పాటకు పెద్ద పేరు కార్లోస్ గార్దెల్. 1935లో విమాన ప్రమాదంలో పోయాడు. చకరీతా శ్మశానంలో ఆయన విగ్రహం వేళ్ళ మధ్య ఇప్పటికీ అభిమానులు సిగరెట్టు వెలిగించి పెట్టి వెళుతుంటారు.

తిండి సంగతి. ఈ దేశం పశుమాంసానికి పేరుపడింది. అది తిననివాళ్ళు దిగులు పడనక్కరలేదు, ఇటలీవాళ్ళు కాపాడతారు. ఉల్లిపాయలు, జున్ను దట్టంగా వేసిన మందపాటి పిజ్జా ఎక్కడైనా దొరుకుతుంది. దానిమీద 'ఫైనా' అనే ముక్క పెట్టుకుని తింటారు. అది శనగపిండి రొట్టె! మన శనగపిండి అట్టుకు దూరపు చుట్టం. నెలలో 29వ తేదీన బంగాళాదుంప ఉండలు వండుకుని, కంచం కింద ఒక నోటు పెట్టి తినడం మరో ఆచారం. జీతానికి ముందురోజు ఇంట్లో మిగిలేది దుంపలూ పిండీ కనుక అలా వచ్చిందంటారు.

కోలోన్ థియేటర్ 1908లో తెరుచుకుంది. కట్టడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. మొదటి శిల్పి చనిపోయాడు, రెండో ఆయన హత్యకు గురయ్యాడు, మూడో ఆయన పూర్తిచేశాడు. ముగ్గురిలో ఇద్దరు ఇటలీవారు, ఒకరు బెల్జియం ఆయన. అన్నిటికన్నా పై అంతస్తుకు 'స్వర్గం' అని పేరు. అదే చవక. పగటిపూట టిక్కెట్టు తీసుకుని లోపలంతా తిరిగి చూడవచ్చు. పుస్తకాలు ఇష్టమైతే సాంతా ఫే అవెన్యూలో 1919 నాటి పాత నాటకశాలను 2000లో పుస్తకాల దుకాణంగా మార్చారు, తప్పక చూడండి. వేదిక మీద కాఫీ, బాల్కనీల్లో పుస్తకాలు.

రికొలేటా శ్మశానానికి జనం ముఖ్యంగా ఈవా పెరోన్ సమాధి కోసం వెళతారు. పేద ఇంట్లో పుట్టి, దేశాధ్యక్షుడి భార్యగా పేదల అభిమానం పొంది, 1952లో 33 ఏళ్ళకే ఆవిడ చనిపోయింది. భర్తను గద్దె దించిన సైన్యం ఆవిడ శవానికి కూడా భయపడింది. దాన్ని ఇటలీకి తరలించి వేరే పేరుతో పాతిపెట్టారు. చివరికి 1976లో ఇక్కడికి చేరింది.

భారతీయులు వెళ్ళదగ్గ చోటు ఇంకొకటుంది. 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్ పెరూ దేశానికి పోతూ ఓడలో జబ్బుపడి ఈ ఊళ్ళో దిగారు. విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి, అప్పటికే గీతాంజలిని ఫ్రెంచిలో చదివిన మనిషి, ఆయన్ను సాన్ ఇసీద్రోలో నది ఎదుట ఒక ఇంట్లో ఉంచి దాదాపు రెండు నెలలు చూసుకుంది. తర్వాత వచ్చిన 'పూరబి' కవితల పుస్తకాన్ని ఆయన ఆమెకు 'విజయ' అనే పేరుతో అంకితమిచ్చారు. అంతకు ఐదేళ్ళ ముందు, 1919లో, ఆయన మన మదనపల్లెలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చుకున్నారు. సాన్ ఇసీద్రోలో ఒకాంపో సొంత ఇల్లు ఇప్పుడు యునెస్కో చేతిలో ఉంది. రెతీరో స్టేషన్ నుంచి రైలు దొరుకుతుంది.

ఇక మాయో మైదానం. దీన్ని చివరికి ఉంచింది కావాలనే. 1976లో సైన్యం అధికారం తీసుకుంది. 1983 వరకు ఏలింది. ఆ ఏళ్ళలో వేలమంది మాయమయ్యారు. 30 వేలమంది అని మానవ హక్కుల సంఘాలు చెబుతాయి. 1977 ఏప్రిల్ 30న కొందరు తల్లులు అధ్యక్ష భవనం ఎదుట ఈ మైదానంలో చేరారు. గుంపుగా నిలబడకూడదు, కదలండి అన్నారు పోలీసులు. సరే, కదిలారు. ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని మైదానంలోని స్తంభం చుట్టూ నడవడం మొదలుపెట్టారు. ఒకరినొకరు గుర్తుపట్టడానికి పసిపిల్లల గుడ్డలే తలకు కట్టుకున్నారు. వారిలో ముందు నడిచిన అసుసేనా విల్యాఫ్లోర్‌ను అదే ఏడాది డిసెంబరులో ఎత్తుకుపోయారు. 2005లో ఆమె ఎముకలను గుర్తించి, బూడిదను ఈ మైదానంలోనే ఉంచారు. చెరలో పుట్టి, వేరే ఇళ్ళలో వేరే పేర్లతో పెరిగిన పిల్లలను అమ్మమ్మలు, నానమ్మలు రక్తపరీక్షల సాయంతో వెతికారు. 130 మందికి పైగా తమ అసలు పేరు తెలుసుకున్నారు.

గురువారం మధ్యాహ్నం మూడున్నరకు ఆ నడక ఇప్పటికీ ఉంది. నేల మీద తెల్లటి తలగుడ్డల బొమ్మలు వేసి ఉంటాయి, వాటిని బట్టి చోటు తెలుస్తుంది. కెమెరా సంచిలో పెట్టి ఒక పక్కన నిలబడండి. వెనక నడవాలనిపిస్తే నడవండి, ఎవరూ వద్దనరు. అక్కడికి వెళ్ళడానికి 1913లో మొదలైన 'ఎ' లైను భూగర్భ రైలు ఎక్కి చివరి స్టేషన్‌లో దిగితే చాలు. మెట్లెక్కి పైకి రాగానే ఎదురుగా మైదానమే.