సమాఖ్య పన్నులకు రాజ్యాంగ సవాళ్లు: అమెరికా అనుభవం

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తర్వాత మీరు:
• అమెరికా రాజ్యాంగం సమాఖ్య ప్రభుత్వానికి ఇచ్చిన పన్నుల అధికారాన్ని, దాని పరిమితులను వివరించగలుగుతారు.
• ఆదాయపు పన్నుపై 1895 నుంచి 2024 వరకు వచ్చిన ముఖ్యమైన తీర్పుల క్రమాన్ని తెలుసుకుంటారు.
• పన్ను చట్టాన్ని సవాలు చేయడానికీ, పన్ను కట్టకుండా ఉండిపోవడానికీ మధ్య ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఒక పన్ను చట్టం రాజ్యాంగ విరుద్ధమని మీకు గట్టిగా అనిపించిందనుకోండి. పన్ను కట్టవలసిన గడువు దగ్గరపడింది. అప్పుడు మీ ముందు రెండు దారులుంటాయి. ఒకటి, చట్టం చూపిన పద్ధతిలో కోర్టుకు వెళ్లడం. రెండు, చట్టం చెల్లదని మీకు మీరే తీర్పు చెప్పుకొని పన్ను మానేయడం. అమెరికాలో మొదటి దారిన వెళ్లినవారిలో కొందరు గెలిచారు, కొందరు ఓడారు. ఓడినవారు కూడా గౌరవంగానే ఇంటికి వెళ్లారు. రెండో దారి పట్టినవారిలో పలువురు జరిమానాలు కట్టారు, కొందరు జైలుకు వెళ్లారు. ఈ తేడా ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోవడమే ఈ పాఠం ముఖ్యోద్దేశం.

2. రాజ్యాంగం ఇచ్చిన అధికారం, పెట్టిన హద్దులు

1787లో రాసిన అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం 8వ సెక్షన్ పన్నులు విధించి వసూలు చేసే అధికారాన్ని కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు ఇచ్చింది. ఈ అధికారానికి రెండు ముఖ్యమైన షరతులున్నాయి. సుంకాలు, ఎక్సైజు వంటి పరోక్ష పన్నులు దేశమంతటా ఒకే తీరుగా ఉండాలి. ప్రత్యక్ష పన్నులను మాత్రం జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రాల మధ్య పంచాలి.

ఈ రెండో షరతు ఎంత చిక్కైనదో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. రెండు రాష్ట్రాల్లో చెరి 10 లక్షల జనాభా ఉందనుకోండి. జనాభా సమానం కాబట్టి రెండూ చెరి 1 కోటి డాలర్లు ఇవ్వాలి. మొదటి రాష్ట్ర ప్రజల మొత్తం ఆదాయం 100 కోట్ల డాలర్లయితే అక్కడ పన్ను రేటు 1 శాతం చాలు. రెండో రాష్ట్ర ప్రజల ఆదాయం 20 కోట్లే అయితే అక్కడ రేటు 5 శాతం కావాలి. అంటే పేద రాష్ట్రంలోని మనిషి ధనిక రాష్ట్రంలోని మనిషి కంటే ఐదు రెట్ల రేటుతో కట్టాలి. కాబట్టి ఏదైనా పన్నును ‘ప్రత్యక్ష పన్ను’ అని కోర్టు ముద్ర వేసిందంటే, ఆచరణలో ఆ పన్ను ఆగిపోయినట్లే.

అందుకే తొలి వివాదాలన్నీ ‘ప్రత్యక్ష పన్ను అంటే ఏమిటి?’ అనే ప్రశ్న చుట్టూ తిరిగాయి. 1796లో హిల్టన్ కేసులో గుర్రపు బండ్లపై వేసిన పన్ను ప్రత్యక్ష పన్ను కాదని సుప్రీంకోర్టు చెప్పింది. అంతర్యుద్ధ కాలపు ఆదాయపు పన్నును కూడా 1881లో స్ప్రింగర్ కేసులో సమర్థించింది.

3. పొలాక్ తీర్పు, 16వ సవరణ

1894లో కాంగ్రెస్ 4,000 డాలర్లు దాటిన ఆదాయంపై 2 శాతం పన్ను విధించింది. మరుసటి ఏడాది పొలాక్ కేసులో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో ఆ పన్నును కొట్టివేసింది. కోర్టు తర్కం ఇది: భూమిపై పన్ను ప్రత్యక్ష పన్ను అయినప్పుడు, ఆ భూమి మీద వచ్చే అద్దెపై పన్ను కూడా ప్రత్యక్ష పన్నే. వాటాలపై వచ్చే డివిడెండు, పెట్టుబడిపై వచ్చే వడ్డీ కూడా అంతే. జనాభా ప్రకారం పంచలేదు కాబట్టి ఆ పన్ను చెల్లదు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. జీతాలపై పన్ను ప్రత్యక్ష పన్ను అని ఈ తీర్పు చెప్పలేదు. ఆస్తి ఆదాయంపై పన్ను పోయాక మిగిలిన భాగం ఒక్కటే నిలబడితే భారమంతా వృత్తుల మీద, శ్రమ మీద పడుతుంది. కాంగ్రెస్ ఉద్దేశం అది కాదు కాబట్టి పన్ను పథకం మొత్తాన్నీ కోర్టు పక్కన పెట్టింది.

కోర్టు తీర్పు నచ్చనివారు ఏం చేశారు? రాజ్యాంగాన్నే సవరించారు. 1909లో కాంగ్రెస్ ప్రతిపాదించిన 16వ సవరణకు 1913 ఫిబ్రవరి నాటికి కావలసినన్ని రాష్ట్రాల ఆమోదం లభించింది. ఆదాయం ఏ మూలం నుంచి వచ్చినా, రాష్ట్రాల మధ్య పంచనవసరం లేకుండా, జనాభా లెక్కలతో సంబంధం లేకుండా పన్ను వేయవచ్చన్నది దాని సారాంశం. ఆ ఏడాదే వచ్చిన చట్టాన్ని ఒక రైల్వే కంపెనీ వాటాదారు సవాలు చేశాడు. 1916లో బ్రషేబర్ కేసులో సుప్రీంకోర్టు ఆ పన్నును సమర్థించింది. ఆదాయపు పన్ను మౌలికంగా చెల్లుతుందా అన్న ప్రశ్నకు అక్కడితో తెరపడింది.

4. ‘ఆదాయం’ అంటే ఏమిటి?

ఒక ప్రశ్న ముగిసింది కాని మరొకటి మొదలైంది. సవరణలోని ‘ఆదాయం’ అనే మాటకు హద్దు ఎక్కడ? 1920లో ఐస్నర్ వర్సెస్ మెకోంబర్ కేసులో, కంపెనీ తన వాటాదారులకు నగదు బదులు అదనపు వాటాలిస్తే అది ఆదాయం కాదని కోర్టు చెప్పింది. చేతికి కొత్తగా ఏమీ రాలేదు, ఉన్న రొట్టెనే ఎక్కువ ముక్కలు చేసినట్లయింది అన్నది ఆ వాదనలోని భావం.

ఈ ప్రశ్నకు మన దేశంతో సంబంధమున్న తాజా కేసు మూర్ కేసు. బెంగళూరు కేంద్రంగా రైతులకు వ్యవసాయ పనిముట్లు సరఫరా చేసే కిసాన్‌క్రాఫ్ట్ కంపెనీలో ఒక అమెరికన్ దంపతులకు సుమారు 13 శాతం వాటా ఉంది. కంపెనీ లాభాలను పంచకుండా వ్యాపారంలోనే పెట్టింది. అయినా 2017 నాటి చట్టం, విదేశీ కంపెనీల్లో పేరుకుపోయిన లాభాలపై అమెరికన్ వాటాదారులు ఒకసారి పన్ను కట్టాలంది. ఆ దంపతులకు పడిన పన్ను 14,729 డాలర్లు. చేతికి పైసా రానిది ఆదాయం ఎలా అవుతుందని వారు ప్రశ్నించారు. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో పన్నును సమర్థించింది. ఆదాయం కంపెనీకి అందింది, దాన్ని వాటాదారులకు ఆపాదించి పన్ను వేయడం పాత ఆనవాయితీయే అన్నది. ఎవరికీ అందని ఆదాయంపై, అంటే కేవలం విలువ పెరిగిన ఆస్తిపై పన్ను వేయవచ్చా అన్న ప్రశ్నను మాత్రం తేల్చకుండా వదిలింది.

ఆ దంపతులు ఓడిపోయారు. కాని వారిపై నేరం మోపలేదు. ఎందుకంటే వారు ముందు పన్ను కట్టి, తర్వాత వాపసు కోరుతూ దావా వేశారు.

5. సవాలు చేసే పద్ధతి

పన్ను మదింపును గాని వసూలును గాని ముందుగానే ఆపమని కోరుతూ వేసే దావాలను 1867 నాటి ఒక చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. ప్రతి వివాదానికీ వసూళ్లు ఆగిపోతే ప్రభుత్వ ఖజానా నడవదన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. పొలాక్, బ్రషేబర్ కేసుల్లో వాటాదారులు ప్రభుత్వం మీద కాక, పన్ను కట్టవద్దంటూ తమ కంపెనీల మీదే దావా వేయడం ఆనాటి ఒక ఉపాయం.

నేడు సామాన్య పౌరుడికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి.

మొదటిది, పన్ను పూర్తిగా కట్టి, వాపసు అడిగి, నిరాకరిస్తే జిల్లా కోర్టుకో సమాఖ్య క్లెయిముల కోర్టుకో వెళ్లడం. పూర్తిగా కట్టాలన్న నియమాన్ని 1960లో ఫ్లోరా కేసు స్థిరపరచింది.

రెండోది, పన్ను తక్కువ కట్టారంటూ శాఖ పంపిన నోటీసు అందాక సాధారణంగా 90 రోజులలోగా టాక్స్ కోర్టుకు వెళ్లడం. ఇక్కడ ముందుగా కట్టనక్కరలేదు.

డెన్వర్‌కు చెందిన మోరిట్జ్ అనే అవివాహితుడు రెండో మార్గం పట్టాడు. వృద్ధురాలైన తల్లిని చూసుకోవడానికి మనిషిని పెట్టుకున్న ఖర్చుకు మినహాయింపు కోరాడు. అదే పరిస్థితిలో ఉన్న అవివాహిత స్త్రీకి చట్టం మినహాయింపు ఇచ్చేది, పెళ్లికాని పురుషుడికి ఇచ్చేది కాదు. టాక్స్ కోర్టులో తన కేసు తానే వాదించుకొని ఓడిపోయాడు. అప్పీలులో ఆయన పక్షాన నిలిచిన న్యాయవాదుల్లో, తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఒకరు. 1972లో అప్పీలు కోర్టు అది లింగ వివక్షేనని తీర్పిచ్చింది. వివాదంలో ఉన్న మినహాయింపు 600 డాలర్లే. కాని ఆ తీర్పు విలువను డబ్బుతో కొలవలేం.

6. వసూలు చేసే తీరుపై సవాళ్లు

చట్టం చెల్లినంత మాత్రాన అధికారులు చేసే ప్రతి పనీ చెల్లదు. ఈ తేడాను విద్యార్థులు పరీక్షల్లో తరచుగా మరచిపోతారు.

నాలుగో సవరణ అక్రమ సోదాల నుంచి రక్షణ ఇస్తుంది. 1977లో జీ.ఎం. లీజింగ్ కేసులో, పన్ను బకాయి కోసం ఆరుబయట ఉన్న కార్లను పట్టుకోవడం తప్పు కాదని, కాని వారెంటు లేకుండా కార్యాలయంలోకి చొరబడటం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది.

అయిదో సవరణ ప్రకారం ఎవరినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదు. అలాగని రిటర్నే వేయకుండా ఉండవచ్చా? సారా అక్రమ వ్యాపారానికి సంబంధించిన సలివన్ కేసులో 1927లో కోర్టు కుదరదంది. ఏదైనా ఒక ప్రశ్నకు జవాబు తనను నేరంలో ఇరికిస్తుందనుకుంటే ఆ ప్రశ్న దగ్గరే అభ్యంతరం చెప్పాలి. దీనికి భిన్నంగా, జూదగాళ్లు తమ పేర్లు నమోదు చేసుకొని పన్ను కట్టాలన్న చట్టం విషయంలో 1968లో మార్కెటీ కేసు వేరే దారి పట్టింది. ఆ నమోదు నేరుగా శిక్షకే దారితీస్తుంది కాబట్టి, అయిదో సవరణను అడ్డుపెట్టుకున్న వ్యక్తిని శిక్షించరాదని కోర్టు తేల్చింది.

7. నమ్మకం, మొండితనం

‘జీతం ఆదాయం కాదు’, ‘16వ సవరణ సరిగా ఆమోదం పొందలేదు’, ‘పన్ను కట్టడం స్వచ్ఛందం’ వంటి వాదనలు అమెరికాలో దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. కోర్టులు వీటిని పదేపదే తోసిపుచ్చాయి. ఇటువంటి పసలేని వాదనతో రిటర్న్ వేస్తే 5,000 డాలర్ల జరిమానా ఉంది. టాక్స్ కోర్టులో వినిపిస్తే 25,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు.

ఈ సందర్భంలో మీరు తప్పక చదవవలసినది 1991 నాటి చీక్ కేసు. చీక్ ఒక విమాన పైలట్. పన్ను వ్యతిరేకుల సభలకు వెళ్లి, వారి మాటలు నమ్మి, రిటర్న్‌లు వేయడం మానేశాడు. సుప్రీంకోర్టు ఇక్కడ సున్నితమైన గీత గీసింది. చట్టం తనకు వర్తించదని ఒక వ్యక్తి నిజాయితీగా పొరబడితే, ఆ పొరపాటు ఎంత అసమంజసమైనదైనా, ఉద్దేశపూర్వక నేరం కాకపోవచ్చు. కాని ‘చట్టం నాకు తెలుసు, అది రాజ్యాంగ విరుద్ధమని నా అభిప్రాయం’ అనడం రక్షణ కాదు. అలా అనుకునేవారికి కోర్టు తలుపులు తెరిచే ఉన్నాయి కదా! పునర్విచారణలో చీక్ మళ్లీ దోషిగానే తేలాడు.

అమెరికాలో పనిచేసే మన తెలుగువారికి కూడా ఇది వర్తిస్తుంది. పౌరసత్వం లేనంత మాత్రాన అక్కడ సంపాదించిన జీతంపై పన్ను తప్పదు.

8. భారతదేశంతో పోలిక

మన రాజ్యాంగం ప్రత్యక్ష, పరోక్ష పన్నుల చిక్కులోకి వెళ్లలేదు. ఏ పన్ను ఎవరిదో ఏడో షెడ్యూలు జాబితాలే పంచాయి. వ్యవసాయేతర ఆదాయంపై పన్ను కేంద్రానిది, వ్యవసాయ ఆదాయంపై పన్ను రాష్ట్రాలది. చట్టం ఆధారం లేకుండా ఏ పన్నూ విధించరాదని, వసూలు చేయరాదని 265వ అధికరణం చెబుతుంది. పన్ను చట్టం చెల్లుబాటును 226వ అధికరణం కింద హైకోర్టులోనే ప్రశ్నించవచ్చు. హైకోర్టు తగిన కేసుల్లో వసూలుపై స్టే ఇవ్వగలదు. 1961లో మూపిల్ నాయర్ కేసులో, భూమి రాబడితో నిమిత్తం లేకుండా ఎకరాల లెక్కన వేసిన ట్రావెన్కూర్-కొచ్చిన్ భూమి పన్నును సమానత్వ హక్కు ఆధారంగా మన సుప్రీంకోర్టు కొట్టివేసింది.

9. సారాంశం

పన్నుపై సవాలు మూడు స్థాయిల్లో వస్తుంది: పన్ను వేసే అధికారం ఉందా, పన్ను వేసిన తీరు న్యాయమైనదా, వసూలు చేసే పద్ధతి సక్రమమా. ఏ కేసు చదివినా ముందుగా అది ఏ స్థాయికి చెందుతుందో గుర్తించండి. రాజ్యాంగం పౌరుడికి ప్రశ్నించే హక్కునిచ్చింది. తన కేసులో తానే తీర్పు చెప్పుకొనే హక్కును మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ప్రత్యక్ష పన్నును జనాభా ప్రకారం పంచడంలోని ఇబ్బందిని మీ సొంత అంకెలతో వివరించండి.
2. పొలాక్ తీర్పు జీతాలపై పన్ను గురించి ఏమి చెప్పింది? ఏమి చెప్పలేదు?
3. మూర్ దంపతులు, చీక్ ఇద్దరి పక్షాలూ ఓడిపోయాయి. వారికి ఎదురైన ఫలితాలు ఎందుకు వేరయ్యాయో 15 పంక్తులలో రాయండి.