కొరియా మిత్రుడితో భోజనం: ఏది వద్దనాలి, ఎలా వద్దనాలి?

చిత్తూరు, పీలేరు, మదనపల్లె ప్రాంతాల ముస్లిం కుటుంబాల్లో ఒకప్పుడు దూరపు ఉద్యోగమంటే గల్ఫ్ ప్రయాణమే. కువైట్‌కో, సౌదీకో పోయిన కొడుకు గురించి తల్లికి ఎన్ని దిగుళ్లున్నా తిండి విషయంలో మాత్రం నిశ్చింత. అక్కడి అంగడిలో కొన్న మాంసం హలాలే కదా అన్న భరోసా ఉండేది. విచిత్రం ఏమిటంటే, ఇప్పుడు కొడుకు ఇంటి నుంచి బస్సులో వెళ్లి వచ్చే ఉద్యోగంలో చేరితే ఆ ప్రశ్న ఎదురవుతోంది. ఎందుకంటే పక్కన కూర్చుని తినేవాడు కొరియా దేశస్థుడు.

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో ఆరంభమైన శ్రీసిటీ 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, ఆ తర్వాత తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడే 2025 మే 8న కొరియా సంస్థ ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ సుమారు 5,000 కోట్ల రూపాయల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. చిత్తూరు నుంచి రాణిపేట మీదుగా శ్రీపెరుంబుదూరు వైపు వెళితే హ్యుందాయ్ కర్మాగారం 1998 నుంచే కార్లు తయారుచేస్తోంది. ఇటు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఈ మూడు దిక్కుల మధ్య ఉన్న మన ఐటీఐ, డిప్లొమా యువకుల్లో ఎవరో ఒకరికి కొరియా మేస్త్రీ కిందో, కొరియా మేనేజరు కిందో పనిచేసే రోజు వస్తుంది.

పని నేర్చుకోవడం అంత కష్టం కాదు. యంత్రానికి భాష ఒక్కటే. కష్టం వచ్చేది ఆ మేనేజరు ఆప్యాయంగా తన గిన్నెలోంచి ఒక ముక్క తీసి మీ పళ్లెంలో పెట్టినప్పుడు.

దాన్ని అర్థం చేసుకోవాలంటే కొరియావారి భోజనం ఎలా ఉంటుందో తెలియాలి. ఎవరి అన్నం వారికి వేరు. కూరలు, ఊరగాయలు, వేపుళ్లు మాత్రం బల్ల మధ్యలో చిన్న చిన్న గిన్నెల్లో అందరికీ కలిపి ఉంటాయి. ఉడుకుతున్న పులుసు కుండలో ఇంటిల్లిపాదీ తమ చెంచాలు ముంచి తాగడం అక్కడ పాత అలవాటు. మనలో చాలామంది ఇళ్లలో ఇది 'ఎంగిలి'. వారికి అదే చనువు. కొరియా భాషలో కుటుంబ సభ్యులను సూచించే 'షిక్కు' అనే మాటకు మూలార్థం 'తినే నోళ్లు'. ఒకే చోట కలిసి పనిచేసేవారిని 'ఒకే కుండలో అన్నం తిన్నవాళ్లు' అంటారు. ఎదురుపడితే 'అన్నం తిన్నావా?' అని పలకరిస్తారు. మన సీమలో 'తింటివా?' అన్నట్టే! 1950-53 యుద్ధం, ఆకలి చూసిన తరాలు ఆ దేశంలోనివి. కరువులో గంజి కేంద్రాల ముందు నిలబడిన తాతల మనవలకు ఆ పలకరింపు బరువు వేరే చెప్పనక్కర్లేదు.

దస్తర్‌ఖాన్ పరచి నలుగురు ఒకే తబకులో తినే అలవాటు మనకు కొత్త కాదు. కలిసి తినడంలో శుభం ఉందని దైవప్రవక్త (స) బోధించారు. కలిసి తిన్నా, విడివిడిగా తిన్నా తప్పులేదని దివ్య ఖుర్‌ఆన్ 24వ సూరాలో ఉంది. అంటే కొరియా బల్ల దగ్గర మనకు ఇబ్బంది కలిసి తినడంలో లేదు. ఏం తింటున్నామన్న దాంట్లో ఉంది.

పంది మాంసం కొరియావారికి ఇష్టమైన తిండి. బొగ్గుల మీద కాల్చే సంగ్యోప్‌సాల్ అంటే పంది పొట్టభాగమే. అయితే ఎదురుగా కనిపించే ముక్క కన్నా కనిపించనిదే ఎక్కువ చిక్కు. సముద్రపు నాచులో అన్నం చుట్టిన కింబాప్ మధ్యలో హామ్ పీలిక ఉండొచ్చు. మండు అనే కజ్జికాయ లాంటి దాని లోపల కూరిన కీమా పందిదే కావచ్చు. నల్లటి సోయా ముద్దతో చేసే నూడుల్స్‌లోనూ తరచుగా అదే పడుతుంది. మాంసం మెత్తబడటానికి, నీచు వాసన పోవడానికి 'మత్సుల్' అనే వంట సారా కలుపుతారు. ఇక కిమ్చీ. క్యాబేజీ, ముల్లంగి, కారం, వెల్లుల్లితో చేసే ఈ ఊరగాయలో చాలామంది ఉప్పులో ఊరిన చేపల ద్రవమో, రొయ్యలో వేస్తారు. చేపలతో మనకు ఇబ్బంది లేదు. రొయ్యల విషయంలో హనఫీ పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. మీ ఇంట్లో ఏది పాటిస్తున్నారో మీకే తెలుసు.

పొట్లాల్లో దొరికే తిండికి కొంత సులువుంది. మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే అందులో మాంసపు పొడి, జంతువుల జెలటిన్ లేవని అర్థం. ఆ చుక్క మద్యం సంగతి మాత్రం చెప్పదు. సియోల్‌లోని కొరియా ముస్లిం ఫెడరేషన్ హలాల్ ముద్ర వేసిన నూడుల్స్ కూడా ఉన్నాయి. రెండు ముద్రలూ లేకుంటే చేర్చిన పదార్థాల జాబితా చదవాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. వద్దని ఎలా చెప్పాలి?

మన పిల్లల్లో కొందరు ఎంచుకునే తేలిక మార్గం 'నేను శాకాహారిని' అనేయడం. మొదటి రోజు గండం గడుస్తుంది. నెల తిరక్కుండానే క్యాంటీన్‌లో అదే మనిషి కోడి బిర్యానీ తింటూ కనబడతాడు. కొరియా మేనేజరు ఏమనుకుంటాడు? ఇతనికి నా చేతి తిండే పడదనుకుంటాడు, లేదా అబద్ధం చెప్పాడనుకుంటాడు. రెండూ ఉద్యోగానికి మంచివి కావు. మరికొందరు కడుపు నొప్పి అంటారు. రోజూ కడుపు నొప్పి ఉండేవాణ్ణి ఎవరు పనికి ఉంచుకుంటారు? అన్నిటికన్నా బాధాకరం మూడోది: బాసు మనసు నొచ్చుకుంటుందేమోనని కళ్లు మూసుకుని మింగేసి, ఇంటికొచ్చి తల్లికి చెప్పలేక, అన్నం ముందు తల వంచుకు కూర్చోవడం.

ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మర్యాద. అదీ బల్ల దగ్గర నలుగురి ముందు కాదు, ముందుగానే. చేరిన మొదటి వారంలో, పని మాటల మధ్య, నవ్వుతూ చెప్పాలి: 'నేను ముస్లింను. పంది మాంసం, మద్యం మాకు నిషిద్ధం. కోడి, మేక మా పద్ధతిలో జబహ్ చేసినవైతే తింటాను. చేప, గుడ్డు, కూరగాయలు ఏవైనా సంతోషంగా తింటాను.' తినలేనివాటి జాబితా కన్నా తినగలిగినవాటి జాబితా పొడవుగా ఉండటం గమనించండి. అతిథికి ఏం పెట్టాలో తెలిస్తే పెట్టేవాడికి ఊరట. రెండు కొరియా మాటలు నేర్చుకుంటే మరీ మంచిది: 'త్వేజిగోగి' అంటే పంది మాంసం, 'సుల్' అంటే మద్యం.

ఒక సంఘటన ఇక్కడ తలచుకోదగ్గది. ఒకసారి దైవప్రవక్త (స) ముందు కాల్చిన ఉడుము మాంసం పెట్టారు. ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగితే, కాదు, మా ప్రాంతంలో లేనిది కాబట్టి నాకు సహించడం లేదు అన్నారు. ఖాలిద్ (రజి) అక్కడే తిన్నారు, ప్రవక్త (స) చూస్తూ ఉన్నారు. తినకపోవడం వేరు, తినేవాణ్ణి ఈసడించుకోవడం వేరు. ఉడుము నిషిద్ధం కాదు, పంది నిషిద్ధం. ఆ తేడా తేడానే. కానీ ఎదుటివాడి పళ్లెం చూసి ముక్కు మూసుకునే హక్కు మనకు ఎక్కడా లేదు. ఆయన ఏనాడూ ఏ భోజనాన్నీ వంకపెట్టలేదని హదీసు గ్రంథాల్లో ఉంది.

గిన్నెలు, చెంచాల సందేహం కూడా చాలామందికి ఉంటుంది. అబూ సఅలబా (రజి) అనే సహచరుడు గ్రంథ ప్రజల పాత్రల గురించి ఇదే అడిగారు. వేరేవి దొరికితే వాటిలో తినండి, దొరక్కపోతే కడిగి వాడుకోండి అన్నది జవాబు. సొంత చెంచా, సొంత డబ్బా తెచ్చుకుంటే ఆ మాటే రాదు.

మద్యం చిక్కు ఇంకాస్త గట్టిది. పని ముగిశాక సిబ్బంది అంతా కలిసి వెళ్లే విందును కొరియాలో 'హ్వేషిక్' అంటారు. పెద్దవాడు సోజు గ్లాసు నింపి ఇస్తాడు. చిన్నవాడు రెండు చేతులా అందుకుని, ముఖం పక్కకు తిప్పి తాగుతాడు. వద్దంటే ఆ గ్లాసునే కాదు, ఆ పెద్దరికాన్నే వద్దన్నట్టు పాతకాలపు వారు భావిస్తారు. ఇక్కడ ఉపాయం ఒక్కటే: మర్యాదను ఉంచుకుని మద్యాన్ని వదిలేయడం. ఖాళీ గ్లాసును రెండు చేతులా పట్టుకుని మంచినీళ్లో, శీతల పానీయమో పోయమనండి. ముఖం పక్కకు తిప్పి తాగండి. ఆ గౌరవం వారికి అందుతుంది. ఇక మద్యం తిరిగే బల్ల దగ్గర కూర్చోవద్దన్న హదీసు మనకు ఉంది కనుక, అన్నం వరకు ఉండి తర్వాత సెలవు తీసుకుంటానని ముందే చెప్పి ఉంచడం క్షేమం. ఎక్కడ గీత గీయాలో మీ ఊరి ఆలిమ్‌ను అడగండి. కొరియాలోనే కాలం మారుతోంది. 2019 నుంచి పనిచోట వేధింపులను నిషేధించే చట్టం అక్కడ అమల్లో ఉంది. బలవంతంగా తాగించడాన్నీ వేధింపుగా చూస్తున్నారు.

కొరియావారికి ఇస్లాం పరిచయమే లేదనుకోవద్దు. యుద్ధకాలంలో వచ్చిన తుర్కీ సైనికుల వెంట ఇమాములు వచ్చారు. వారి ద్వారా కొందరు కొరియావారు ఇస్లాం స్వీకరించారు. 1976లో సియోల్‌లోని ఇటేవన్‌లో ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో కేంద్ర మసీదు తెరుచుకుంది. అయితే చేదు కూడా ఉంది. దేగు నగరంలో విదేశీ విద్యార్థులు కట్టుకుంటున్న మసీదుకు 2022లో సుప్రీంకోర్టు అనుకూలంగా తీర్పిచ్చాక కూడా, వ్యతిరేకులు ఆ స్థలం దగ్గర పంది తలలు పెట్టారు, పంది మాంసం కాల్చి విందు చేసుకున్నారు. తిండిని ఆయుధంగా వాడటం అంటే అదే. మన వాళ్లు చేసే పని ఒకటి దీనికి మరీ దూరం కాదు: కొత్తగా వచ్చిన కొరియావాడి వెనక 'కుక్కలు తినేవాడు' అని గుసగుసలాడటం. ఆ దేశ పార్లమెంటు 2024 జనవరిలో కుక్క మాంసం వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అమలుకు మూడేళ్ల గడువు పెట్టింది. అప్పటికే అక్కడి యువతరంలో చాలామంది దాన్ని ముట్టనివారే.

ఇక మనం పెట్టే వంతు. రంజాన్‌లో రోజా సంగతి షిఫ్ట్ పెద్దకు ముందే చెబితే ఇఫ్తార్ వేళకు పది నిమిషాల విరామం అడగడం సులువు. ఖర్జూరం, మసీదు గంజి కొంచెం ఆయనకూ పోయండి. బియ్యపు గంజి వారికి చిన్నప్పటి తిండే, అక్కడ ఒంట్లో బాగా లేనివారికి అదే కాచిపెడతారు. కారానికి భయపడరు. మిరపకాయ మనకూ వారికీ సుమారు ఒకే శతాబ్దంలో సముద్రాలు దాటి వచ్చిందే. బిర్యానీ, దాల్చా పెడితే లాగిస్తారు. చేత్తో తినమని బలవంతం చేయకండి, చెంచా ఇవ్వండి. చెప్పులు గుమ్మం దగ్గర విడవడం, నేల మీద కూర్చోవడం వారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏదైనా ఇచ్చేటప్పుడు కుడిచేత్తో ఇస్తూ ఎడమచేయి మోచేతి కింద ఆనిస్తారు. మన అమ్మీలకు అది చూడగానే నచ్చుతుంది.

ఇంటికి పిలిచేటప్పుడు ఒక్క మాట మరచిపోవద్దు. అతిథి వట్టి చేతులతో రాడు. చెప్పకపోతే సీసా తేవచ్చు. 'పండ్లు తెండి, పిల్లలు సంతోషిస్తారు' అని నవ్వుతూ అనేస్తే సరి. వారి చుసోక్ పండుగకు కానుక డబ్బాలు ఇచ్చుకోవడం ఆచారం, అందులో స్పామ్ అనే పంది మాంసపు టిన్నులు మామూలు. మీకు అలాంటిది వస్తే అక్కడికక్కడే నెట్టేయకండి. రెండు చేతులా తీసుకుని, కృతజ్ఞత చెప్పి, ఇది మేము వాడమండీ అని ఆయనకే తిరిగి ఇచ్చేయవచ్చు. వెళ్లేటప్పుడు ఖుష్కా, కోడి కూర డబ్బాలో కట్టివ్వండి. ఆ డబ్బాలో వారింటి కిమ్చీ తిరిగి వస్తే, చేపల ద్రవం వేశారా, రొయ్యలా అని అడిగి, అప్పుడు సంగటిలోకి నంజుకోండి.