ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది? ప్రజావేగులపై అపోహలు – వాస్తవాలు

దొంగ మస్టర్లు, కాటాలో మోసం, కొనని సరుకుకు బిల్లులు, ఆడవాళ్లపై వేధింపులు, రక్షణ పరికరాలు లేకుండా మనుషులను గనిలోకి దించడం వంటివి తనిఖీ అధికారి కన్నా ముందు లోపల పనిచేసేవారి కంటపడతాయి. వాటిని తగినచోట చెప్పేవారిని తెలుగు పత్రికలు ప్రజావేగులు అంటున్నాయి. చెప్పినందుకు వారి ఉద్యోగానికి, ఒంటికి, పరువుకు హాని కలగకుండా చూడటం సంస్థ బాధ్యత, ప్రభుత్వ బాధ్యత కూడా.

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఈ బాధ్యత మరింత బరువైనది. ఇక్కడ వాన మీద భరోసా లేదు, సేద్యం మీద అంతకన్నా లేదు. ఆదోని, కోసిగి వైపు పల్లెలు ఏటా సగం ఖాళీ అయ్యి సుగ్గికి, అంటే వలస కూలికి పోతాయి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలోనో, బేతంచెర్ల నాపరాయి పాలిష్ యూనిట్‌లోనో, ఆదోని జిన్నింగు మిల్లులోనో నెలనెలా కూలి దొరికిన మనిషి దాన్ని పోగొట్టుకోవాలంటే వెయ్యిసార్లు ఆలోచిస్తాడు. పైగా యజమాని, మేస్త్రీ, కూలీ చాలాచోట్ల ఒకే మండలం వాళ్లు. పొద్దున రాసిన ఫిర్యాదు సాయంత్రానికి టీకొట్టు దగ్గరికి చేరుతుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. ఆ భయం చుట్టూ అల్లుకున్న అపోహలు మాత్రం తప్పు చేసినవారికే ఉపయోగపడుతున్నాయి.

అపోహ: సంస్థలోని తప్పు బయటపెట్టడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే.

వాస్తవం: దీనికి హైదరాబాదులో జరిగినదానికన్నా పెద్ద జవాబు దొరకదు. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ స్వతంత్ర డైరెక్టర్లలో ఒకరికి మారుపేరుతో ఒక ఈ-మెయిల్ వచ్చింది. కంపెనీ లెక్కల్లో చూపుతున్న డబ్బు నిజానికి లేదని అందులోని ఆరోపణ. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాసి మోసాన్ని ఒప్పుకున్నారు. పుస్తకాల్లో ఉన్నట్టు చూపి, నిజంగా లేని నగదు, బ్యాంకు నిల్వలే 5,040 కోట్ల రూపాయలని ఆ ఉత్తరంలో ఉంది. ఆ లెక్కలు ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చాయి. లోపలి గొంతు మొదటి ఏడాదే లేచి, దాన్ని వినే ఏర్పాటు ఉండి ఉంటే వేలాదిమంది ఉద్యోగులు, వాటాదారులు అంత కుదుపు చూసేవారు కాదు. తప్పును దాచిపెట్టినవారు సంస్థకు ద్రోహం చేశారు. చెప్పినవారు దాన్ని కాపాడాలని చూశారు.

అప్పటిదాకా నమోదిత కంపెనీలకు ఇష్టముంటే పెట్టుకోదగ్గదిగా ఉన్న ఫిర్యాదు ఏర్పాటును 2013 కంపెనీల చట్టం, 177వ సెక్షన్ ద్వారా తప్పనిసరి చేసింది. నమోదిత కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవి, బ్యాంకుల నుంచి 50 కోట్లు దాటి అప్పు తెచ్చుకున్నవి ఈ ఏర్పాటు చేయాలి. ఫిర్యాదు చేసినవారిని వేధించకుండా రక్షణ ఉండాలి. తగిన సందర్భాల్లో పైఅధికారులను దాటి, నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌ను కలిసే వీలు ఉండాలి. కడప జిల్లాలోని పెద్ద సిమెంటు కంపెనీల ఉద్యోగులకూ ఈ దారి ఉంది. ఈ సంగతి షాప్‌ఫ్లోర్‌లో తెలుగులో రాసిపెట్టకపోతే ఆ ఏర్పాటు ఉన్నా లేనట్టే.

అపోహ: ప్రజావేగుల రక్షణకు కేంద్ర చట్టం ఉంది. ఇక దిగుల్లేదు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. ప్రజావేగుల రక్షణ చట్టాన్ని లోక్‌సభ 2011 డిసెంబరులో, రాజ్యసభ 2014 ఫిబ్రవరిలో ఆమోదించాయి. అదే ఏడాది మేలో రాష్ట్రపతి సంతకమూ అయింది. కానీ దాన్ని అమలులోకి తెచ్చే నోటిఫికేషన్ వెలువడలేదు. 2015లో దాన్ని సవరిస్తూ లోక్‌సభ ఆమోదించిన బిల్లు తర్వాత మురిగిపోయింది. కాబట్టి ఈ చట్టాన్ని నమ్ముకుని అడుగు వేస్తే కాలికింద నేల ఉండదు.

ఇప్పుడు నడుస్తున్నది 2004 ఏప్రిల్ 21నాటి కేంద్ర ప్రభుత్వ తీర్మానం. దాని వెనుక ఒక ప్రాణం ఉంది. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాలపై ఇంజినీరు సత్యేంద్ర దూబే ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరం రాసి, తన పేరు రహస్యంగా ఉంచమని కోరారు. ఆ ఉత్తరం పేరుతో సహా కార్యాలయాల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27న బీహార్‌లోని గయలో ఆయన హత్యకు గురయ్యారు. ఇది దారిదోపిడీలో జరిగిన హత్య అని సీబీఐ తేల్చింది, 2010లో ముగ్గురికి శిక్ష పడింది. హంతకులు ఎవరైనా, రహస్యం కోరిన మనిషి పేరును ప్రభుత్వం కాపాడలేదన్నది మాత్రం కాదనలేని నిజం. సుప్రీంకోర్టు ఒత్తిడితో తీర్మానం వచ్చింది, ఫిర్యాదులు తీసుకునే అధికారం కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు దక్కింది.

అపోహ: పేరు రాస్తే బయటపడుతుంది, కాబట్టి ఆకాశరామన్న ఉత్తరమే మేలు.

వాస్తవం: 2004 తీర్మానం కింద పేరులేని, మారుపేరుతో వచ్చిన ఫిర్యాదులను తీసుకోరు. పేరు ఇవ్వాలి, అది రహస్యంగా ఉంటుంది. ఆ రహస్యం ఎలా పంపామన్నదాని మీదే ఆధారపడుతుంది. ఫిర్యాదును మూసి అతికించిన కవరులో పెట్టి, కమిషన్ కార్యదర్శి పేరిట పోస్టులో పంపాలి. ప్రజాహిత వెల్లడి కింద ఫిర్యాదు అని కవరు మీద రాయాలి. పంపినవారి పేరు, చిరునామా కవరు మీద ఉండకూడదు. వాటిని లోపలి కాగితంలో మొదట్లోనో చివరో, లేదా విడి కాగితం మీద రాయాలి. ఫిర్యాదు సారాంశంలో ఎక్కడా తానెవరో తెలిసే మాట పడకూడదు. అదే ఉత్తరం నకలు కలెక్టరుకూ, ఎమ్మెల్యేకూ, విలేకరికీ పంపితే ఆ రహస్యాన్ని ఎవరూ కాపాడలేరు. ఈ తప్పు చాలామంది చేస్తారు.

పేరు దాచినా మనిషి దొరికిపోయే దారి ఇంకొకటి ఉంది. స్టోర్సు విభాగంలో ముగ్గురికే తెలిసిన సంగతి రాస్తే, రాసింది ఆ ముగ్గురిలో ఒకరని ఎవరైనా చెప్పగలరు. అందుకే పదిమందికి అందుబాటులో ఉన్న కాగితాల మీద ఫిర్యాదు నిలబెట్టడం తెలివైన పని. తేదీ, కాటా చీటీ నంబరు, లారీ నంబరు, బిల్లు నంబరు ఇస్తే విచారణాధికారి రికార్డు నుంచే మొదలుపెట్టగలడు, చెప్పింది ఎవరన్న ప్రశ్న వెనక్కి పోతుంది. చేతిరాత, మాటతీరు, ఆఫీసు కంప్యూటరు, ఆఫీసు ఫోను కూడా మనిషిని పట్టిస్తాయి.

ఈ తీర్మానం పరిధి కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థల వరకే. వేముల మండలం తుమ్మలపల్లెలో గని, మిల్లు నడుపుతున్న యురేనియం కార్పొరేషన్, రైల్వే, తపాలా శాఖ, ప్రభుత్వరంగ బ్యాంకులు దీనికిందికి వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల అక్రమాలు రావు. వాటికి ఏసీబీ, విజిలెన్స్, లోకాయుక్త ఉన్నాయి. 1983 చట్టం కింద ఏర్పడిన లోకాయుక్త కార్యాలయాన్ని 2021 ఆగస్టులో కర్నూలులో తెరిచారు. అక్కడ ఫిర్యాదుదారు పేరుతో, ప్రమాణపత్రంతో నిలబడాలి. పేరు దాచుకోవాలనుకునేవారు ఆ తలుపు తట్టేముందు ఇది తెలుసుకోవాలి.

ఫ్యాక్టరీల విషయంలో మరో నియమం పేరే కార్మికుల్లో చాలామంది వినలేదు. ఫిర్యాదు ఎవరు చేశారో ఇన్‌స్పెక్టరు రహస్యంగా ఉంచాలని, అసలు తన తనిఖీ ఫిర్యాదు మీద జరుగుతోందన్న సంగతి కూడా యాజమాన్యానికి చెప్పకూడదని, 2025 నవంబరు దాకా అమలులో ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో 1987లోనే 118-ఎ సెక్షన్ చేర్చారు. రాతిపొడి మింగుతూ పనిచేసే పాలిష్ కార్మికుడికి ఇంతకన్నా పనికొచ్చే నియమం అరుదు.

అపోహ: రుజువు కాకపోతే ఫిర్యాదు చేసినవారికే శిక్ష.

వాస్తవం: ఈ మాట బెదిరించడానికే ఎక్కువ పనికొస్తోంది. పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో చేసిన చట్టంలోని 14వ సెక్షన్, రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదుదారుపై చర్య తీసుకోనక్కర్లేదని స్పష్టంగా చెబుతోంది. అబద్ధమని తెలిసీ కావాలని చేసినట్టు విచారణలో తేలితేనే చర్య. 2014 ప్రజావేగుల చట్టం కూడా దురుద్దేశంతో, అబద్ధమని తెలిసి చేసిన ఫిర్యాదుకే శిక్ష పెట్టింది. నిజమని నమ్మి చెప్పి, ఆధారం చాలక ఓడిపోవడం నేరం కాదు.

అపోహ: వేధింపుల కమిటీలు పెద్ద ఆఫీసులకే. మిల్లుల్లో, పాలిష్ యూనిట్లలో కుదరవు.

వాస్తవం: పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియరు మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి. కమిటీ వేయని యజమానికి 50 వేల రూపాయల దాకా జరిమానా. పదిమంది కన్నా తక్కువ ఉన్నచోట్ల, లేదా వేధించింది యజమానే అయినచోట జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. ఇళ్లలో పనిచేసేవారికీ ఆ కమిటీయే దిక్కు. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పెంచవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఆలోగా బాధితురాలు కోరితే బదిలీ గానీ, మూడు నెలల దాకా సెలవు గానీ ఇప్పించవచ్చు. ఆమె పేరు, విచారణ వివరాలు పత్రికలకు చెప్పడం నిషేధం. నోరు జారి పెదవి దాటిన పేరు ఊళ్లో ఏం చేస్తుందో సీమ ఆడపడుచులకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి రహస్యం కాపాడని కమిటీ సభ్యులను ఉపేక్షించకూడదు.

అపోహ: లంచం ఇచ్చినవారు చెబితే వారే ఇరుక్కుంటారు.

వాస్తవం: అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం, ఒత్తిడి చేసి గుంజుకుంటే లంచం ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా పోలీసులకు గానీ దర్యాప్తు సంస్థకు గానీ చెబితే వారిది నేరం కాదు. ముందే ఏసీబీకి చెప్పి, వారి కోసం ఇచ్చిన డబ్బుకూ ఇదే రక్షణ. ఏడు రోజులు దాటనివ్వకూడదు.

అపోహ: టీవీలో మాట్లాడితే ఎవరూ ఏమీ చేయలేరు.

వాస్తవం: 2020 ఏప్రిల్‌లో, కర్నూలు జిల్లా కరోనా కేసుల్లో రాష్ట్రంలోనే ముందుకు పోతున్న రోజుల్లో, నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రి మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్ వైద్యులకు మాస్కులు చాలడం లేదని కెమెరాల ముందు చెప్పారు. ఆయనను సస్పెండ్ చేశారు. మే 16న విశాఖపట్నంలో పోలీసులు ఆయనను నడిరోడ్డుపై చేతులు కట్టి తీసుకుపోయిన దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. అక్కడి నుంచి మానసిక వైద్యశాలకు పంపారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఏడాది తర్వాత, 2021 మేలో ఆయన గుండెపోటుతో చనిపోయారు. ఆయన ఎత్తిన సమస్య దేశమంతటా వైద్యులు చెప్పుకున్నదే. ప్రభుత్వోద్యోగి బహిరంగంగా ప్రభుత్వాన్ని విమర్శించడాన్ని ప్రవర్తనా నియమావళి అడ్డుకుంటుంది, ఆ నియమమే చెప్పినవారి మీద మొదటి ఆయుధమవుతుంది. రాతపూర్వకంగా పైవారికి తెలిపిన రికార్డు ముందే ఉంటే కోర్టులో నిలబడటానికి ఆధారం ఉంటుంది.

అపోహ: వేధింపు అంటే ఉద్యోగం ఊడటమే. ఊడలేదు కదా, ఇక ఫిర్యాదేమిటి?

వాస్తవం: ఉద్యోగం తీసేయడం అరుదు, దానికి కాగితం కావాలి. ఎక్కువగా జరిగేవి కాగితం లేనివి. రాత్రి షిఫ్టుల మీద రాత్రి షిఫ్టులు, దూరపు బదిలీ, ఓవర్‌టైము ఆపడం, చేతిలో పని లేకుండా కూర్చోబెట్టడం, కులం పేరుతోనో నడవడిక పేరుతోనో పుకార్లు పుట్టించడం. కాంట్రాక్టు కార్మికుడికైతే గేటు దగ్గర ఒక్క మాట చాలు, రేపటినుంచి రావొద్దని. ఫిర్యాదుకు ముందు, తర్వాత షిఫ్టు పట్టిక, జీతం చీటీ, హాజరు పక్కపక్కన పెడితే కక్ష కనిపిస్తుంది. వాటిని దాచుకోవడం కార్మికుడి పని, అడిగి పోల్చిచూడటం విచారణ కమిటీ పని. ఫిర్యాదు వచ్చిన రోజు నుంచి ఆ వ్యక్తిపై తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ, ఆరోపణకు గురైన అధికారి కాక మరొకరు చూడాలన్న ఒక్క నియమం పెట్టుకున్నా సంస్థల్లో సగం వేధింపులు ఆగుతాయి.

అపోహ: చెప్పేవారు ఎప్పుడూ ఒంటరే.

వాస్తవం: ఉపాధి హామీ పనుల్లో ఈ రాష్ట్రమే వేరే దారి చూపింది. సామాజిక తనిఖీ కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. తనిఖీ బృందం మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అడిగేది, ఆ తర్వాత గ్రామసభలో అందరిముందు చదివేది. చనిపోయినవారి పేరుతో, పనికి రానివారి పేరుతో కూలి ఎవరు తీసుకున్నారో అక్కడ తేలేది. రహస్యం అక్కడ లేదు, పదిమంది కలిసి చెప్పడమే రక్షణ. ఫ్యాక్టరీల్లో యూనియను ద్వారా ఇచ్చే ఫిర్యాదుకూ ఈ బలం ఉంటుంది.

అపోహ: ఇదంతా డబ్బు కోసమే.

వాస్తవం: ఉస్మానియాలో చదివిన దినేశ్ ఠాకూర్, రాన్‌బాక్సీ మందుల పరీక్షల లెక్కల్లో మోసాన్ని బయటపెట్టినందుకు అమెరికా చట్టం కింద దాదాపు 4.8 కోట్ల డాలర్లు పొందారు. దానికి ముందు ఎనిమిదేళ్ల పోరాటం ఉంది. ఇక్కడ షేర్ల అక్రమ లావాదేవీల వంటి కొన్ని విషయాల్లోనే సమాచారమిచ్చినవారికి బహుమతి ఉంది. మస్టరు మోసం చెప్పిన గుమాస్తాకు వచ్చేది బదిలీయే.

ప్రాణభయం ఉన్నవారికి మాత్రం ఒక గట్టి దారి ఉంది. సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద, ఏడేళ్లు అంతకుమించి శిక్షపడే నేరాల్లో సాక్షి, జిల్లా జడ్జి అధ్యక్షుడిగా ఉన్న కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. పోలీసు కాపలా నుంచి తాత్కాలికంగా వేరేచోటికి మార్చడం దాకా ఆ కమిటీ ఆదేశించగలదు. మిగిలిన ప్రజావేగుల మాటకొస్తే, పార్లమెంటు రెండు సభలూ ఆమోదించిన 2014 చట్టం అమలులోకి రావడానికి కావలసింది ఒక్క నోటిఫికేషన్. దాన్ని కేంద్రం వెంటనే ఇవ్వాలి. కర్నూలు, కడప జిల్లాల ప్రజాప్రతినిధులు, కార్మిక సంఘాలు ఆ మాటే గట్టిగా అడగాలి.